అమీర్‌పేట దాటితే ఆరో స్టేషన్ బాలానగర్

2025 నవంబరు 26న శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న జీఎంఆర్ ఏరోస్పేస్ పార్కులో ఫ్రాన్స్ కంపెనీ సఫ్రాన్ కట్టిన ఇంజిన్ల మరమ్మతు కేంద్రాన్ని ప్రధాని వీడియో ద్వారా ప్రారంభించారు. పెట్టుబడి సుమారు రూ.1,300 కోట్లు. 2035 నాటికి ఏటా 300 లీప్ ఇంజిన్లను సర్వీస్ చేస్తామని, వెయ్యి మందికి పైగా నిపుణులకు పని దొరుకుతుందని ప్రకటించారు. ఆ వార్త చదివి మీలో చాలామంది పేజీ తిప్పేసి ఉంటారు. ‘ఫ్రాన్స్ కంపెనీ, విమానం ఇంజిన్లు... మహబూబాబాద్ జిల్లా గూడూరులో కూర్చున్న నాకేం సంబంధం?’ అనిపించడం సహజమే.

సంబంధం ఉంది. అయితే అది ఆ కంపెనీ గేటు దగ్గర మొదలవదు. సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్ మీద బిగించిన ఒక అల్యూమినియం దిమ్మె దగ్గర మొదలవుతుంది. మెకానికల్‌లో డిప్లొమానో బీటెక్కో చేసి, ‘ఈ బ్రాంచికి ఉద్యోగాల్లేవు, అమీర్‌పేట వెళ్లి ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు చేద్దాం’ అనుకుంటున్నవాళ్లు నిర్ణయం తీసుకునే ముందు ఈ లెక్క ఒకసారి చూడండి.

దిమ్మె నుంచి పార్టు దాకా

మీ ఊళ్లో పాత ట్రాక్టర్ ఒకటుంది. దాని ఇంజిన్‌కు నీళ్లు తిప్పే వ్యవస్థలో ఒక హౌసింగ్ పగిలింది. ఆ మోడల్ ఆపేశారు, పార్టు రాదని డీలర్ చేతులెత్తేశాడు. ఇప్పుడేం చేయాలి? పగిలిన ముక్కను వెర్నియర్, మైక్రోమీటర్, బోర్ గేజ్‌లతో కొలవాలి. క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో దాని త్రీడీ మోడల్ గీయాలి. ఏ టూల్ ఏ దారిలో, ఎంత లోతున కోయాలో క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో తేల్చాలి. అక్కడ తయారైన జీ-కోడ్‌ను మెషీన్‌కు ఎక్కించాలి. దిమ్మెను వైస్‌లో బిగించి, జీరో పాయింట్ సెట్ చేసి, టూళ్ల పొడవులు మెషీన్‌కు చెప్పాలి. ఆ తర్వాతే స్టార్ట్ బటన్.

ఇంజిన్లలో అల్యూమినియం ఎందుకంటే బరువు. ఘన సెంటీమీటరుకు ఉక్కు 7.8 గ్రాములుంటే అల్యూమినియం 2.7 గ్రాములే. వేడినీ త్వరగా లాగేస్తుంది. అందుకే పిస్టన్లు, సిలిండర్ హెడ్లు, బైకుల క్రాంక్‌కేసులు ఎక్కువగా దీనితోనే వస్తాయి. లక్షల్లో కావాల్సిన పార్టులను పోతపోసి, కీలకమైన ముఖాలను, రంధ్రాలను మాత్రం మెషీన్ మీద కోస్తారు. ఒకటో రెండో కావాల్సినప్పుడు నేరుగా దిమ్మెలోంచి చెక్కుతారు. 6061, 7075 అనే రకాల పేర్లు మీకు తరచూ వినిపిస్తాయి. మొదటిది అన్ని పనులకూ పనికొచ్చేది, రెండోది అంతకంటే చాలా బలమైనది.

మెత్తగా ఉంటుంది కానీ...

అల్యూమినియం కోయడం తేలికే అంటారు. సగమే నిజం. సరైన వేగం ఇవ్వకపోతే కోసిన తుంపు టూల్ అంచుకే అతుక్కుపోతుంది. టూల్ గాళ్లు పూడుకుపోతాయి, ఉపరితలం గీరుకుపోతుంది, చివరికి టూలే విరుగుతుంది. ఇక్కడ పనికొచ్చేది మీరు సెకండియర్‌లో చదివి మరిచిపోయిన చిన్న సూత్రం.

10 మి.మీ. వ్యాసం ఉన్న కార్బైడ్ ఎండ్ మిల్‌తో నిమిషానికి 300 మీటర్ల కటింగ్ స్పీడ్ కావాలనుకుందాం. 300ను 1000తో గుణించి, 3.14 ఇంటూ 10తో భాగిస్తే సుమారు 9,550 ఆర్‌పీఎం వస్తుంది. మీ ముందున్న మెషీన్ స్పిండిల్ 8,000కు మించి తిరగదు. అప్పుడు కటింగ్ స్పీడ్ దాదాపు 250 మీటర్లకు తగ్గుతుంది. మూడు పళ్ల టూల్, పంటికి 0.05 మి.మీ. చొప్పున ఫీడ్ ఇస్తే 8,000 ఇంటూ 3 ఇంటూ 0.05... నిమిషానికి 1,200 మి.మీ. స్పిండిల్ వేగం తగ్గించి ఫీడ్ పాతదే ఉంచితే పంటి మీద భారం పెరుగుతుంది. ఇంటర్వ్యూలో ఈ లెక్కను కాగితం మీద తడుముకోకుండా వేసి చూపించగలిగితే, ‘క్యామ్ సాఫ్ట్‌వేర్ వచ్చు’ అని రెజ్యూమెలో రాసుకున్నవాళ్లకంటే మీరు ముందుంటారు.

రెండో చిక్కు వేడి. అల్యూమినియం ఒక్క డిగ్రీకి మీటరుకు సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది. ఉక్కు దాదాపు 12 మాత్రమే. డ్రాయింగ్ మీద రాసే కొలతలన్నీ 20 డిగ్రీల వద్ద నిజం కావాలి. 100 మి.మీ. రంధ్రాన్ని 34 డిగ్రీల వేడిలో కొలిచారనుకోండి. అది అసలు సైజుకంటే 32 మైక్రాన్లు పెద్దదై ఉంటుంది. బేరింగ్ కూర్చోవడానికి సాధారణంగా అడిగే హెచ్7 ఫిట్‌లో, ఆ సైజు రంధ్రానికి ఇచ్చే మొత్తం వెసులుబాటే 35 మైక్రాన్లు! కొలిచే స్టీల్ గేజ్ కూడా సాగుతుంది కాబట్టి తప్పు సగానికి తగ్గుతుంది, కానీ పోదు. ఏసీ లేని షెడ్డులో, మన ఎండాకాలంలో, ఉదయం పాసైన పార్టు మధ్యాహ్నం ఎందుకు ఫెయిలవుతుందో ఇప్పుడు అర్థమైందా?

మూడోది బిగింపు. పల్చటి గోడలున్న పార్టును వైస్‌లో గట్టిగా బిగించి కోస్తే, అక్కడ గుండ్రంగా ఉన్న రంధ్రం వైస్ విప్పగానే కోలగా మారుతుంది. అందుకే ముందు మందంగా రఫ్ కటింగ్ చేసి, వదులు చేసి, లోహం తన ఒత్తిళ్లను దించుకున్నాక మళ్లీ తక్కువ బలంతో పట్టి ఫినిషింగ్ చేస్తారు. నాలుగోది పూత. 50 మైక్రాన్ల హార్డ్ అనోడైజింగ్ చేస్తే అందులో దాదాపు సగం లోహంలోకి, సగం బయటికి పెరుగుతుంది. అంటే రంధ్రం వ్యాసం 50 మైక్రాన్లు తగ్గుతుంది. పూతకు ముందే ఆ మేరకు పెద్దగా కోయకపోతే బేరింగ్ ఎక్కదు.

బటన్ దగ్గరే ఆగిపోతే?

సీఎన్‌సీ ఉద్యోగం అనగానే అన్నీ ఒకటే అనుకోకండి. ఇందులో మెట్లున్నాయి. మొదటి మెట్టు ఆపరేటర్. పార్టు పెట్టడం, బటన్ నొక్కడం, తీయడం, కొలవడం. రెండోది సెట్టర్. ఫిక్స్చర్ బిగించడం, ఆఫ్‌సెట్లు సెట్ చేయడం, మొదటి పార్టును పాస్ చేయించడం. మూడోది ప్రోగ్రామర్ లేదా ప్రాసెస్ ఇంజినీర్. ఏ వరసలో, ఏ టూల్‌తో, ఎంతసేపట్లో అన్నది తేల్చేది ఇతనే.

అసలు ప్రమాదం మొదటి మెట్టు మీద ఉంది. కాంట్రాక్టరు ద్వారా చేరి, పన్నెండు గంటల షిఫ్టుల్లో రెండేళ్లు బటన్ నొక్కినా ఒక్క ఆఫ్‌సెట్ కూడా మార్చనివ్వని షాపులున్నాయి. రోబో చెయ్యి వచ్చిన రోజున ముందు పోయేది ఆ పనే. మొదటి జీతం చూస్తే సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడి ముందు మనసు చివుక్కుమంటుంది కూడా. అందుకే చేరే ముందే అడగండి. ‘సెట్టింగ్ ఎప్పుడు నేర్పిస్తారు? ప్రోగ్రామ్ ఎవరు రాస్తారు? పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా? ఓవర్‌టైమ్ ఎలా లెక్కిస్తారు?’ ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట మీ ఏళ్లు పెట్టకండి.

కృత్రిమ మేధ ఈ పనినీ మింగేస్తుందా? టూల్ దారులు గీయడం ఇప్పటికే చాలావరకు సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్లింది. కానీ ఆ పల్చటి గోడను ఎక్కడ పట్టుకోవాలి, శబ్దం మారితే ఫీడ్ ఎంత తగ్గించాలి, వేడి పార్టును ఎంతసేపు చల్లారనివ్వాలి అన్నవి మెషీన్ పక్కన నిలబడ్డవాడికే త్వరగా తెలుస్తాయి. లెక్కా, చేతిపనీ రెండూ వచ్చినవాళ్ల అవసరం ఇప్పట్లో తగ్గేలా లేదు.

ఎక్కడ నేర్చుకోవాలి

మెట్రోలో అమీర్‌పేట నుంచి మియాపూర్ వైపు వెళ్తే ఆరో స్టేషన్ బాలానగర్. మన పిల్లలు దిగని స్టేషన్ అది. కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి అక్కడే ఉంది. పదో తరగతి తర్వాత నాలుగేళ్ల టూల్, డై, మౌల్డ్ మేకింగ్ డిప్లొమా నుంచి, ఇంజినీరింగ్ అయినవాళ్లకు పీజీ స్థాయి కోర్సులు, తక్కువ వ్యవధి సీఎన్‌సీ కోర్సుల దాకా నడుపుతోంది. ఇస్రో వికాస్ ఇంజిన్‌కు భాగాలు చేసే ఎంటార్ టెక్నాలజీస్ 1970లో మొదలైంది బాలానగర్‌లోనే. విమాన, విద్యుత్ టర్బైన్లకు బ్లేడ్లు చేసే ఆజాద్ ఇంజినీరింగ్ కూడా హైదరాబాద్‌దే. వీళ్లు కోసేది ఎక్కువగా నికెల్, టైటానియం లాంటి మొండి లోహాలు. అల్యూమినియం మీద చెయ్యి కుదరనివాళ్లను ఆ మెషీన్ల దగ్గరకు రానివ్వరు.

హైదరాబాద్ దాకా వెళ్లలేనివాళ్లకు ఇంకో దారి ఐటీఐలు. టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను రూ.2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి రాష్ట్ర ప్రభుత్వం 2024 జూన్ 18న మల్లేపల్లిలో శంకుస్థాపన చేసింది. ఆ కోర్సుల్లో అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ మెషినింగ్ ఒకటి. మీకు దగ్గర్లోని ఐటీఐకి వెళ్లి అడ్మిషన్ల వివరాలు అడగండి. మెషీన్ వచ్చిందా, నడుస్తోందా అన్నది మీ కళ్లతో చూడండి.

డిప్లొమా, బీటెక్ అయినవాళ్లకు నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్ పోర్టల్ ఉంది. అందులో రిజిస్టరైతే ఫ్యాక్టరీలో ఏడాది పాటు స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చు. ఇక ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ బోర్డులు పెట్టే ప్రైవేటు సెంటర్ల దగ్గర ఒకే ప్రశ్న: ‘కోర్సు మొత్తంలో మెషీన్ మీద నా చేతికి ఎన్ని గంటలు?’ సూటిగా సమాధానం రాకపోతే ఫీజు కట్టకండి.

గూడూరులోనే పెడితే?

‘ఊళ్లోనే మెషీన్ పెట్టుకుంటే పోలా?’ అనే ఆలోచన మంచిదే. లెక్క చూద్దాం. ఒక పార్టుకు ప్రోగ్రాము, ఫిక్స్చర్, సెట్టింగ్ కలిపి 4 గంటలు, కోయడానికి 40 నిమిషాలు పడుతుందనుకోండి. ఒక్కటే చేస్తే దాని మీద పడేది 280 నిమిషాలు. అవే వంద చేస్తే ఒక్కొక్కదానికి సుమారు 42 నిమిషాలు. అంటే ఆ ట్రాక్టర్ హౌసింగ్ ఒక్కదాంతో మెషీన్ కిస్తీలు కట్టలేం. వరసగా వందల్లో ఆర్డరిచ్చే కంపెనీ ఒకటైనా వెనక ఉండాలి. అలాంటి కంపెనీతో పరిచయం, మూడు నాలుగేళ్లు దాని పని చేసి చూపిస్తేనే దొరుకుతుంది.

కాబట్టి ముందు పని, తర్వాత మెషీన్. అప్పటికి పీఎంఈజీపీ లాంటి పథకాలు ఆసరా. ఇందులో తయారీ యూనిట్లకు రూ.50 లక్షల ప్రాజెక్టు దాకా అవకాశముంది. గ్రామాల్లో జనరల్ వర్గానికి 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళలు తదితరులకు 35 శాతం సబ్సిడీ. దరఖాస్తు నాటికి నిబంధనలు మారాయేమో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి తెలుసుకోండి.

ఇంజిన్లే పోతే?

ఎలక్ట్రిక్ బండికి పిస్టన్ ఉండదు, సిలిండర్ హెడ్ ఉండదు. ఆ భయం న్యాయమైనదే. కేవలం పెట్రోల్ ఇంజిన్ పార్టుల మీదే బతికే షాపులకు ముందు ముందు గడ్డుకాలమే. కానీ మోటారు హౌసింగులు, బ్యాటరీ కింద చల్లబరిచే ప్లేట్లు, ఇన్వర్టర్ పెట్టెలు కూడా అల్యూమినియంవే. వాటి ముఖాలు, రంధ్రాలు కోసేది ఇవే మెషీన్లు. ఎగుమతుల వైపు చూస్తే, 2025 జూన్‌లో అమెరికా ఉక్కు, అల్యూమినియం దిగుమతులపై సుంకాన్ని 50 శాతానికి పెంచిన తీరు గుర్తుంచుకోవాలి. ఒకే దేశం, ఒకే కస్టమర్ మీద ఆధారపడిన కంపెనీలో ఆర్డర్లు ఆగితే ముందు ఇంటికి పంపేది కొత్తవాళ్లనే. చేరే ముందు ఆ కంపెనీ ఏమేం చేస్తుంది, ఎవరెవరికి చేస్తుంది అని కనుక్కోవడం మీ హక్కు.

ఈ వారం చేయాల్సింది పెద్దగా ఏం లేదు. ఒక వెర్నియర్ క్యాలిపర్ సంపాదించండి. ఇంట్లో పాడైన మోటారు పంపు పార్టు ఒకటి తీసుకుని ప్రతి కొలతా రాసుకోండి. ఉచితంగా దొరికే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని గీసి, ఏ ముఖం ముందు కోయాలి, ఎక్కడ పట్టుకోవాలి అని ఒక కాగితం మీద వరసగా రాయండి. నర్సంపేటలోనో మహబూబాబాద్‌లోనో లేత్ షాపు నడిపే పెద్దమనిషికి అది చూపించి, ‘అన్నా, ఇందులో తప్పెక్కడుంది?’ అని అడగండి. ఆయన చెప్పే తప్పులు రాసుకోండి. దిద్దిన ఆ కాగితాన్ని రేపు ఇంటర్వ్యూలో బల్ల మీద పెట్టారంటే, మాట్లాడటానికి మీ దగ్గర అసలైన విషయం ఉంటుంది.