కంచె లోపలి మొసలి వేరు, మడుగులోని మొసలి వేరు

కనుమ మరునాడు వచ్చే కాణుం పొంగల్ పండుగకు, వేసవి సెలవులకు గుడియాత్తం, పేర్ణాంబట్టు, కాట్పాడి పరిసరాల తెలుగు కుటుంబాలు పిల్లాపాపలతో తరలివెళ్లే విహారస్థలాలలో రెండింటిని ముఖ్యంగా పేర్కొనవలసి ఉన్నది. ఒకటి వేలూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరాన, జవ్వాది కొండల పాదాన ఉన్న అమృతి జంతు ప్రదర్శనశాల. రెండవది తిరువణ్ణామలై జిల్లాలో, మన పెద్దలు దక్షిణ పినాకిని అని పిలిచే తెన్‌పెణ్ణై నదిపై 1958లో నిర్మాణం పూర్తయిన సాత్తనూరు ఆనకట్ట. ఆనకట్ట వద్ద ఉన్న మొసళ్ల పెంపక కేంద్రమే పిల్లలకు పెద్ద ఆకర్షణ.

అక్కడ గోడపై నుండి తొంగిచూసే పిల్లవానికి కనిపించేది ఏమిటి? నోరు తెరచుకుని, కదలక మెదలక, ఎండుదుంగవలె పడి ఉన్న ఒక ప్రాణి. "ఇది బ్రతికే ఉన్నదా?" అని వాడు అడుగుతాడు. పక్కనున్న పెద్దమనిషి సందేహం తీర్చడానికి ఒక గులకరాయి విసురుతాడు. వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతు ప్రదర్శనశాలలో ప్రాణులను వేధించడాన్ని నిషేధించినదన్న సంగతి ఆయనకు తెలియదు, తెలిసినా పట్టించుకోడు. మొసలి కదలదు. అది సోమరిజంతువనే పాఠం నేర్చుకుని పిల్లవాడు ఇంటికి వస్తాడు. అసలు ప్రమాదం ఆ పాఠంలోనే ఉన్నది. ఎందుకనగా సాత్తనూరులో మొసళ్లు గోడల లోపల మాత్రమే లేవు. జలాశయంలోనూ స్వేచ్ఛగా తిరుగుతున్నవి.

మొసలి శీతల రక్త ప్రాణి. ఒంటి వేడిని సరిచూసుకోవడానికే అది గట్టున ఎండకాగుతుంది, నోరు తెరచి ఉంచుతుంది. ఆ నిశ్చలత్వం నిద్ర కాదు. కొంగలు గూళ్లు కట్టుకునే కాలంలో కొన్ని మొసళ్లు ముట్టెపై పుల్లలు పెట్టుకుని నీటిలో పొంచి ఉండడాన్ని మద్రాసు మొసళ్ల కేంద్రంలో గమనించినట్లు 2013లో పరిశోధకులు ప్రకటించారు. పుల్ల కోసం వాలిన కొంగ దాని నోట పడుతుంది. అంతటి ఓర్పుగల వేటగానిని మనం దుంగ అంటున్నాము!

వేలూరువారికి మొసలి కొత్త కాదు. పదహారవ శతాబ్దంలో విజయనగర సామంతుడైన చిన్న బొమ్మిరెడ్డి పేరుతో ముడిపడిన మన కోట చుట్టూ ఉన్న కందకంలో శత్రువులకు భయంగా మొసళ్లను పెంచేవారని తరతరాలుగా చెప్పుకుంటున్నాము. పదివేల మొసళ్లు ఉండేవని కొందరంటారు. అన్నింటికి మేత ఎక్కడిదని ప్రశ్నిస్తే ఆ లెక్క నిలువదు గాని, కథలోని వివేకం మాత్రం గ్రహింపదగినది. మొసలి ఉన్న నీటిలో మనిషి కాలు పెట్టడని ఆనాటివారికి తెలుసు. ఆ జంతువును కాపలాకు నియోగించుకున్నది అందుకే.

చర్మం కోసం సాగిన వేటవలన 1970ల నాటికి దేశంలో మొసలి జాతి అంతరించే స్థితికి వచ్చినది. 1972 నాటి చట్టం దానికి రక్షణ కల్పించినది. 1975లో కేంద్ర ప్రభుత్వం మొసళ్ల సంరక్షణ పథకాన్ని చేపట్టినది. 1976లో రాములస్ విటేకర్ మహాబలిపురం దారిలో మద్రాసు మొసళ్ల కేంద్రాన్ని స్థాపించారు. గుడ్లు పొదిగించి, పిల్లలను పెంచి, నదులలోను జలాశయాలలోను విడిచిపెట్టారు. తెలంగాణలో సంగారెడ్డి సమీపాన ఉన్న మంజీరా అభయారణ్యం కూడా ఈ మగ్గర్ జాతి మొసళ్లకే ప్రసిద్ధి. ఈ కృషిని తప్పుపట్టడానికి లేదు, అది విజయమే. అయితే మొసలిని నీటికి తిరిగి చేర్చినంత శ్రద్ధతో, ఆ నీటి గట్టున బ్రతికేవారికి జాగ్రత్తలు నేర్పలేదు. ఫలితాన్ని కడలూరు జిల్లా చిదంబరం ప్రాంతంలో, పాత కొళ్ళిడం ఒడ్డు గ్రామాలవారు అనుభవిస్తున్నారు. అక్కడ స్నానానికి, పశువులను కడగడానికి నీటిలో దిగినవారు మొసళ్ల నోట పడిన సంఘటనలు ఉన్నవి.

మన పాలారులోనో, కౌండిన్య ఏటిలోనో మొసళ్లున్నవని ఇక్కడ భయపెట్టడం లేదు. మన పల్లెలకు మొసలికన్న పాము ఎన్నో రెట్లు పెద్ద ముప్పు. పాముకాటువలన దేశంలో ఏటా సగటున 58,000 మంది మరణిస్తున్నట్లు 2020లో ఒక అధ్యయనం లెక్కగట్టినది. కాని వరద వచ్చినపుడు మొసలికి హద్దులుండవు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వేళ చెన్నై శివారులో వండలూరు వైపు ఒక మొసలి రాత్రిపూట రోడ్డు దాటుతూ కనిపించినది. 2024 ఆగస్టులో వడోదరలో విశ్వామిత్రి నది పొంగినపుడు ఇరవైకి పైగా మొసళ్లను జనావాసాలనుండి పట్టుకోవలసి వచ్చినది. అదే సంవత్సరం డిసెంబరు 2 తెల్లవారుజామున సాత్తనూరు నుండి సెకనుకు 1,68,000 ఘనపుటడుగుల నీటిని విడిచారు. అటువంటి వరద తీసిన తరువాత దిగువనున్న గుంటలలో, మడుగులలో చేపలకు దిగేవారు ముందుగా గ్రామస్థులను విచారించడం అవసరం.

విహారానికి వెళ్లేవారు ప్రధానంగా గుర్తుంచుకోవలసినది దూరం. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో నీటి అంచుకు కనీసం ఐదు మీటర్లు ఎడంగా ఉండమని ప్రజలకు బోధిస్తారు. అక్కడిది మరింత పెద్దదైన ఉప్పునీటి మొసలి. అయినను ఆ కొలత మనకూ మంచిదే. అంచున గొంతుకు కూర్చుని చేతులు కడుగుకోవడం, పిల్లవాని పాదాలు నీటికి తగిలించి ఫొటో తీయడం అన్నింటికన్న ప్రమాదకరం, ఎందుకంటే వంగిన మనిషి మొసలి కంటికి చిన్న జంతువుగా కనబడతాడు. తిని పారవేసిన కోడి ఎముకలు, చేప పేగులు నీటిలో వేస్తే ఆ చోటికి రావడం అది అలవాటు చేసుకుంటుంది. సంధ్యవేళ, రాత్రివేళ నీటివైపు పోకూడదు. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు ఆడ మొసలి గట్టున గుంత తవ్వి పాతిక ముప్పై గుడ్లు పెడుతుంది. రెండు నెలలు కావలి కాస్తుంది. ఆ తరువాత మన వేసవి సెలవులలోనే పిల్లలు బయటికి వస్తవి. ముద్దుగా ఉన్నదని మొసలిపిల్లను చేతబట్టినవానికి తల్లి ఎంత దూరాన ఉన్నదో తెలియదు.

పట్టుబడితే ఏమి చేయాలి? గజేంద్రునివలె మొరపెట్టుకుని ఎదురుచూసే వ్యవధి మనిషికి ఉండదు. కన్నులలో పొడవాలి, ముట్టెపై బలంగా కొట్టాలి. గట్టునున్నవారు నీటిలో దూకకుండా కర్ర, తాడు అందించాలి. బయటపడినవారిని గాయం చిన్నదైనా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి, ఎందుకనగా మొసలి కాటు త్వరగా చీము పడుతుంది.

హెచ్చరిక పలకల సంగతి కూడా చెప్పుకోవాలి. మన ఇండ్లలో అమ్మమ్మలకు తమిళ మాట వచ్చును గాని లిపి రాదు. పలమనేరు, వి.కోట వైపునుండి వచ్చే బంధువులకు రెండూ అంతంతమాత్రమే. తమిళ బోధనను తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టం తరువాత చదువుకున్న మన పిల్లలకు మాత్రం చదవడం వచ్చును. కనుక గట్టు దగ్గర పలక కనబడితే పిల్లలచేత బిగ్గరగా చదివించండి. "ముదలై" అంటే మొసలి, "ఆబత్తు" అంటే ప్రమాదం, "కుళిక్క తడై" అంటే స్నానం నిషిద్ధం. సరిహద్దు జిల్లాల విహారస్థలాలలో ఒక తెలుగు వాక్యం కూడా చేర్చమని అధికారులను కోరడం న్యాయమే.

పలకలతో సరిపెట్టకుండా చేయగలిగినది మరొకటి ఉన్నది. శ్రీలంకలో నిల్వలా నది ఒడ్డున స్నానఘట్టాల చుట్టూ నీటిలోనే కంచె కట్టే ఆచారం ఉన్నది. మొసలి బయట, మనిషి లోపల. జంతు ప్రదర్శనశాలకు ఇది తలక్రిందులు. గుంజలు కుళ్లినా, ఒక చోట సందు పడినా అది ఉచ్చుగా మారుతుంది కనుక ఏటా వరద తీయగానే పంచాయతీ దానిని పరీక్షించవలసి ఉంటుంది. సాత్తనూరు దిగువ గ్రామాలలో ఒక రేవు వద్దనైనా ఈ పద్ధతిని పరీక్షించి చూడవచ్చును.