డిస్కు ఎవరి చేతిలో పెట్టాలి?

పోయిన నెల మా టీములో ఓ చిన్న యుద్ధం జరిగింది. కొట్టుకోలేదు లెండి, వైట్‌బోర్డు మీదే!

సంగతేంటంటే, ఓ చిన్న ఆర్మ్ బోర్డు, దాని మీద మైక్రోకెర్నెల్, ఆ పైన రెండు లినక్స్ వర్చువల్ మెషీన్లు. ఇన్నాళ్ళూ రెండూ ర్యామ్‌డిస్కుతోనే బూటయ్యేవి, రీబూట్ కాగానే అన్నీ మర్చిపోయేవి. ఇప్పుడేమో లాగులూ సెట్టింగులూ నిలవాలన్నారు. బోర్డు మీదున్నది ఒకటే ఈఎంఎంసీ చిప్పు.

"దీనికింత ఆలోచనెందుకు తమ్మీ? మొదటి వీఎంకి చిప్పు నేరుగా ఇచ్చెయ్. లినక్సులో డ్రైవర్ ఎట్లాగూ ఉంది. రెండోదానికి అదే ఇస్తది" అన్నాడు మా లీడు.

"వద్దన్నా" అన్నాను. ఎందుకో చెప్తాను.

అసలు మనం మైక్రోకెర్నెల్ వాడేదే ఒకడి తప్పు ఇంకొకడికి తగలకుండా ఉండాలని. ఎస్ఈఎల్4నే తీసుకోండి. సిడ్నీలో నిక్టా వాళ్ళు 2009లో దాని 8,700 లైన్ల సీ కోడు స్పెసిఫికేషన్ ప్రకారమే నడుస్తుందని గణితంతో నిరూపించారు. తర్వాత 2012లో మొదలైన డార్పా ప్రాజెక్టులో దాన్ని బోయింగ్ వాళ్ళ లిటిల్ బర్డ్ అనే పైలట్ అక్కర్లేని హెలికాప్టర్లో పెట్టి, లోపలున్న లినక్స్ వీఎంని కావాలనే హ్యాకర్ల చేతికిచ్చారు. వాళ్ళు ఆ వీఎం దాటి బయటికి రాలేకపోయారు. అదే బోయింగ్ టాటాలతో కలిసి మా ఇబ్రహీంపట్నం పక్కన ఆదిభట్లలో 2018లో ఫ్యాక్టరీ తెరిచి అపాచీల బాడీలు మొదలుపెట్టింది కాబట్టి, ఈ కథంటే నాకు కాస్త ఊరి అభిమానం కూడా!

కానీ ఆ నిరూపణకి ఓ షరతుంది. డీఎంఏ చేసే డివైసులు నమ్మదగ్గవై ఉండాలి. స్టోరేజి కంట్రోలర్ ప్రాసెసర్‌ని అడక్కుండా మెమరీలోకి నేరుగా రాస్తుంది. అది గెస్టు చేతిలో పడితే, ఎస్ఎంఎంయూ లాంటి అడ్డుగోడ లేని బోర్డు మీద కెర్నెల్ మెమరీని కూడా చెరిపేయగలదు. ఇంటికి తాళమేసి, చెవి దొంగకిచ్చినట్టే. పోనీ ఎస్ఎంఎంయూ ఉందనుకుందాం. అప్పుడైనా మొదటి వీఎం పడిపోతే రెండోదానికి డిస్కు లేనట్టే కదా? వేరుగా ఉంచుదామని ఇంత కష్టపడి, మళ్ళీ ఒకే తాడుకి కట్టేసినట్టు.

మా ఊరి పెద్ద చెరువు కింద ఎంతమంది రైతులున్నా, తూము తీసేది నీరటి. ఎంత పెద్ద రైతైనా తూము అతని చేతికిచ్చి "మిగతావాళ్ళకి నువ్వే వదులు" అనరు. డిస్కుకీ అలాంటి నీరటి కావాలి. అంటే చిప్పు డ్రైవర్‌ని ఓ చిన్న, విడి ప్రోగ్రాంలో పెట్టాలి. ఒక్కో వీఎంకి ఇన్ని బ్లాకులని ముందే గీత గీసి, ప్రతి రిక్వెస్టూ ఆ గీత దాటకుండా చూడాలి. వీఎంకి కనిపించేది వర్టియో బ్లాక్ డిస్కు. దాని డ్రైవర్ లినక్సులో ఉండనే ఉంది, గెస్టులో మార్చాల్సింది దాదాపు ఏమీ లేదు.

ఇంకోటి, ఫ్లష్. ఇది నాకు దెబ్బ తగిలి తెలిసింది. పాత కంపెనీలో మేం రాసిన బ్యాకెండు, ఫ్లష్ రాగానే డేటా ఇంకా క్యాషులో ఉండగానే "అయిపోయింది" అని జవాబిచ్చేది. బెంచ్‌మార్కులో నంబర్లు అదిరిపోయాయి! డెమో రోజున ఎవరో ప్లగ్గు పీకారు. మళ్ళీ ఆన్ చేస్తే ఫైల్‌సిస్టం మౌంటవలేదు. జర్నల్ మొత్తం ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటుంది మరి. ఎంబెడెడ్ ప్రపంచంలో షట్‌డౌన్ బటన్ నొక్కేవాడుండడు, కరెంటు పోతుందంతే. నిదానంగా నడిచే డిస్కుతో బతకొచ్చు కానీ అబద్ధం చెప్పే డిస్కుతో కష్టం.

మా లీడు మాటలోనూ న్యాయముంది. ఈఎంఎంసీ డ్రైవర్ సొంతంగా రాయాలంటే నెలలు పడుతుంది, డెడ్‌లైన్ ఆగదు. అందుకని నా రాజీ మార్గం ఇది: డ్రైవర్ కోసం మూడో లినక్స్ వీఎం, అందులో నెట్‌వర్కూ యాప్‌లూ ఏమీ ఉండవు, పడిపోతే దాన్నొక్కదాన్నే లేపుతాం. మిగతా రెండూ తమ డేటాని తామే ఎన్‌క్రిప్ట్ చేసుకుంటాయి. దీనివల్ల డేటా పోకుండా ఉంటుందని కాదు, పక్కవాడు చదవకుండా ఉంటుందంతే. ఎస్ఎంఎంయూ మాత్రం ఉండి తీరాల్సిందే.

లీడు "సరే, రెండు వారాలిస్తా" అన్నాడు. ఇవ్వాళ్టికి నాలుగో రోజు. ఈలోగా మీరు చెప్పండి, మీరైతే చిప్పు ఎవరి చేతిలో పెట్టేవారు?