తప్పటడుగులు

నడక నేర్చే పసిబిడ్డ రెండడుగులు వేసి చతికిలబడితే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడతారు. పడినందుకు బిడ్డను దండించే తల్లి ఉండదు. ఆ తొలి అడుగులను తెలుగువారు తప్పటడుగులని ముద్దుగా పిలుచుకొంటారు. అడుగు తడబడడం కూడా నడకలో భాగమేనన్న ఎరుక ఆ మాటలో వినిపిస్తుంది.

అదే బిడ్డ బడిలో చేరిన తరువాత లోకరీతి మారిపోతుంది. పలకపై అక్షరం వంకరపోయినా, లెక్కలో అంకె తారుమారైనా అది నేరమవుతుంది. పుస్తకంలోని తప్పుకు ఎర్రసిరా గీత, తరగతిలో చెప్పిన తప్పు జవాబుకు తోటివారి నవ్వు ప్రతిఫలాలవుతాయి. నడక నేర్పేటప్పుడు పాటించిన సూత్రాన్ని చదువు నేర్పేటప్పుడు మరచిపోవడం మన విద్యావిధానంలోని పెద్ద లోపం.

పిల్లల తప్పులలో అర్థం ఉంటుందని లోకానికి తెలియజెప్పిన మనోవిజ్ఞానవేత్తలలో స్విట్జర్లాండ్ దేశీయుడైన జీన్ పియాజే (1896-1980) అగ్రగణ్యుడు. 1920 ప్రాంతంలో ఆయన పారిస్ నగరంలో పిల్లల ప్రజ్ఞను కొలిచే పరీక్షలకు సంబంధించిన పనిలో చేరాడు. ఇటువంటి పరీక్షలలో సరైన జవాబులను లెక్కించడమే ప్రధానం. పియాజే దృష్టి మాత్రం తప్పు జవాబులపై నిలిచింది. ఒకే వయస్సు పిల్లలు ఇంచుమించు ఒకే తీరు తప్పులు చేయడం ఆయన గమనించాడు. అలా ఎందుకు అనుకొన్నారని ఆ పిల్లలనే ఓపికగా ప్రశ్నించాడు. బాలుని ఆలోచన పెద్దల ఆలోచనకు కురచ రూపం కాదని, దానికి తనదైన క్రమం ఉందని ఆయన గ్రహించాడు. ఆయన జీవితకాల పరిశోధనకు ఆ తప్పు జవాబులే పునాదిరాళ్లు.

ఈ సత్యాన్ని తెలుసుకోవడానికి పారిస్ దాకా పోనక్కరలేదు. తెలుగింటి పసివాడు 'ఇల్లులు' అన్నాడనుకొందాం. పెద్దలెవరూ పలకని ఆ మాట అతనికి ఎక్కడిది? పువ్వు పువ్వులైనప్పుడు ఇల్లు ఇల్లులు కావాలి కదా! వ్యాకరణం పేరైనా వినని పసివాడు తాను విన్న మాటలనుంచి సూత్రాన్ని రాబట్టుకొన్నాడు. 'ఇళ్లు' అన్న రూపం తెలియకపోవడం అతని కొరత. సూత్రాన్ని కనిపెట్టడం అతని ప్రతిభ. ఆ ఒక్క మాటలో కొరతా, ప్రతిభా రెండూ ఉన్నాయి.

లెక్కలలోనూ ఇంతే. నూట అయిదును అంకెలలో రాయమంటే కొందరు పిల్లలు 1005 అని రాస్తారు. ముందు నూరు, ఆ పక్కన అయిదు. చెవికి విన్నదానిని విన్నట్లే రాశారు. 52 నుంచి 27 తీసివేయమంటే 35 అని రాసేవారున్నారు. రెండులోనుంచి ఏడు పోదు కనుక ఏడులోనుంచి రెండు తీశారు. ఎప్పుడూ పెద్ద అంకెలోనుంచి చిన్న అంకెనే తీయాలని వారు అనుకొన్నారు. అమెరికా పరిశోధకులు జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో ఇటువంటి తీసివేత తప్పులను విశ్లేషించారు. వాటిలో అనేకం అజాగ్రత్తవల్ల కలిగినవి కావని, ఒక తప్పు పద్ధతిని నిష్ఠగా పాటించినందువల్ల కలిగినవని వారు చూపారు. అటువంటి బాలునిచేత అదే లెక్కను పదిసార్లు చేయిస్తే ప్రయోజనమేమిటి? పదిసార్లూ 35 అనే రాస్తాడు. పైగా తప్పు మరింత గట్టిపడుతుంది. 'ఎలా చేశావు?' అని ఒక్కసారి అడిగితే ముడి ఎక్కడుందో తెలుస్తుంది.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. తప్పును సహిస్తే అది అలవాటవుతుందని, మొక్కై వంగనిది మానై వంగదని పెద్దలు హెచ్చరిస్తారు. అమెరికా మనోవిజ్ఞానవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ కూడా 1950లలో బోధనా యంత్రాలను రూపొందించి, పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విభజించాలన్నాడు. విద్యార్థి చాలావరకు తప్పు చేయకుండానే ముందుకు సాగాలని, ప్రతి సరైన జవాబుకూ వెంటనే పునర్బలనం లభించాలని ఆయన మతం. ఈ వాదంలో సత్యం ఉంది. దిద్దని తప్పు నిజంగానే పాతుకొనిపోతుంది. అయితే దిద్దడం వేరు, దండించడం వేరు. స్కిన్నర్ సైతం దండనను సమర్థించలేదు.

తప్పిన ప్రయత్నం వృథా కాదని ఇటీవలి ప్రయోగాలు కూడా సూచిస్తున్నాయి. 2009లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో జంట పదాలలో ఒకదానిని చూపి రెండవదానిని ఊహించమన్నారు. ఊహ తప్పిన వెంటనే సరైన పదాన్ని చూపారు. ఊహించే శ్రమ లేకుండా, ఆ సమయమంతా జవాబును చూస్తూ నేర్చుకొన్న పదాలకన్నా, ఇలా తప్పి తెలుసుకొన్న పదాలే బాగా గుర్తున్నాయి. జవాబుకోసం వెదికిన మనస్సు జవాబు దొరికినప్పుడు దానిని గట్టిగా పట్టుకొంటుందన్నమాట. అయితే తప్పు వెంటనే సవరణ ఉండాలన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

భారతీయ శాస్త్రకారులకు ఈ మర్మం తెలియనిది కాదు. వారు ఒక విషయాన్ని నిర్ణయించేటప్పుడు ముందుగా పూర్వపక్షాన్ని, అంటే తాము అంగీకరించని వాదాన్ని, దాని బలమంతటితో వివరిస్తారు. ఆ తరువాతనే దానిని ఖండించి సిద్ధాంతాన్ని స్థాపిస్తారు. పూర్వపక్షం లేని సిద్ధాంతం పునాది లేని గోడవంటిది. విద్యార్థి చెప్పే తప్పు జవాబు అతని పూర్వపక్షం. దానిని పూర్తిగా వినకుండానే సిద్ధాంతాన్ని నెత్తిన రుద్దితే అతడు దానిని మోస్తాడేగాని ఒప్పుకోడు.

తప్పును దిద్దడానికి తిట్టు అవసరం లేదని మరియా మాంటిస్సోరి నిరూపించింది. 1907లో రోమ్ నగరంలో శిశుపాఠశాలను ప్రారంభించిన ఆమె, 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఆమె బోధనోపకరణాలలో వేరువేరు పరిమాణాల కొయ్య స్తూపాలు, వాటికి సరిపడే గుంటలున్న దిమ్మె ఉన్నాయి. ఒక స్తూపాన్ని తప్పు గుంటలో ఉంచితే చివరకు మరొకటి మిగిలిపోతుంది. తప్పు జరిగిందని కొయ్యముక్కే చెబుతుంది. బాలుడు సిగ్గుపడడు, ఏడవడు. అన్నింటినీ తీసి మళ్లీ అమర్చుకొంటాడు.

2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలకు శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. చట్టం బెత్తాన్ని ఆపగలదు. తోటివారి నవ్వును, ఇంటివారి పోలికలను, గోడకు అంటించిన ర్యాంకుల పట్టికను చూసి కలిగే బెదురును ఆపలేదు. జూనియర్ కళాశాలలో అడుగుపెట్టేనాటికి ఎందరో విద్యార్థులు ఆ బెదురుకు అలవాటుపడి ఉంటారు. సందేహం నాలుక చివరిదాకా వచ్చి వెనుదిరుగుతుంది. అధ్యాపకుడు 'అర్థమైందా?' అనగానే తరగతి అంతా తల ఊపుతుంది. గైడులోని జవాబు పుస్తకంలోకి ఎక్కుతుంది. బుర్రలోకి మాత్రం ఎక్కదు. తప్పు రాయడంకన్నా ఖాళీ వదలడమే క్షేమమనుకొనే స్థితి వస్తుంది. మార్కులు తగ్గడంకన్నా పెద్ద నష్టం ఇది. భయం మనస్సులో చోటు చేసుకొన్నకొద్దీ ఆలోచనకు మిగిలే చోటు తగ్గిపోతుంది. ఒక పరీక్షలో తప్పినవాడు జీవితంలోనే తప్పానని కుమిలిపోయే దుస్థితికి ఆ భయమే బీజం.

పరీక్షలో తప్పులకు లెక్క ఉండవచ్చు. తరగతి గది పరీక్షాకేంద్రం కాదు. తప్పులు జరగవలసిన చోటు, అవి బయటపడవలసిన చోటు, సవరణ పొందవలసిన చోటు అదే. అధ్యాపకుడు 'తప్పు, కూర్చో' అనడానికి మారుగా 'అలా ఎందుకు అనుకొన్నావు?' అని అడగాలి. విద్యార్థి తాను కొట్టివేసిన జవాబును దాచిపెట్టక మరొకసారి చదివి, ఎక్కడ దారి తప్పాడో వెదకాలి. పక్కవాని తప్పుకు నవ్వబోయే ముందు, అదే తప్పు తన పుస్తకంలో ఉందేమో చూసుకోవాలి.

ఈనాడు తడబడకుండా నడిచే ప్రతివారూ ఒకనాడు పడి లేచినవారే. వారి తప్పటడుగులను చూసి ఆనాడు ఎవరూ నవ్వి నిరుత్సాహపరచలేదు. చేయి అందించి లేపారు. చదువు నేర్చేవారికి సైతం కావలసింది ఆ చేయూతే.