ఎవరూ అడగని ప్రశ్న



విజయవాడ వెళ్ళినప్పుడల్లా లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల దగ్గర ఓ అరగంట నిలబడటం నాకు అలవాటు. వాక్య వ్యాఖ్యానాలు, పాత నిఘంటువులు చవగ్గా దొరుకుతాయని వెళ్తాను. మొన్న అలా వెతుకుతుంటే లారీ కింగ్ ఆత్మకథ దొరికింది. పేరు ‘మై రిమార్కబుల్ జర్నీ’, 2009లో వచ్చిన పుస్తకం. ఇంటికి తెచ్చి బల్ల మీద పెడితే మా ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, “టీవీలో మాట్లాడేవాడి కథ మీకెందుకండీ?” అంది. “ఈయన మాట్లాడేవాడు కాదులే, మాట్లాడించేవాడు” అన్నాను. ఆ మాట అలవోకగా అనేశాను గాని, దాని బరువు పుస్తకం పూర్తయ్యాకే తెలిసింది.

నా ఇంగ్లీషు అంతంతమాత్రం. పక్కన నిఘంటువు పెట్టుకుని, రాత్రి ప్రార్థన అయ్యాక రోజుకు నాలుగైదు పేజీల చొప్పున చదివాను. రెండు నెలలు పట్టింది.

ఆయనెవరో తెలియని వారికి రెండు ముక్కలు చెబుతాను. అమెరికాలో సీఎన్‌ఎన్ టీవీలో 1985 జూన్ నుంచి 2010 డిసెంబరు వరకు, అంటే పాతికేళ్ళ పాటు, రాత్రిపూట ఒక గంట కూర్చుని మనుషులతో మాట్లాడేవాడు. భుజాల మీదుగా సస్పెండర్లు, పెద్ద కళ్ళద్దాలు, ముందు బల్ల మీద పాతకాలపు మైకు. అమెరికా అధ్యక్షులు వచ్చి ఆయన ఎదుట కూర్చున్నారు. 1995లో పాలస్తీనా నాయకుడు అరాఫత్, ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్, జోర్డాన్ రాజు హుస్సేన్ ఒకే కార్యక్రమంలో ఆయనతో మాట్లాడారు. 2021 జనవరిలో, 87వ ఏట కన్నుమూశాడు.

అయితే నన్ను పట్టుకున్నవి ఆ గొప్పవాళ్ళ కబుర్లు కావు. మొదట్లో వచ్చే ఒక చిన్న సంగతి.

ఆయన 1933లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక పేద యూదు కుటుంబంలో పుట్టాడు. అసలు పేరు లారెన్స్ జైగర్. తొమ్మిదేళ్ళ వయసులో ఒకరోజు గ్రంథాలయం నుంచి పుస్తకాలు మోసుకుంటూ ఇంటికి వస్తుంటే ఇంటి ముందు పోలీసు కార్లు కనబడ్డాయి. తండ్రి గుండెపోటుతో పోయాడు. ఒక పోలీసాయన పిల్లవాణ్ణి కారెక్కించుకుని, తిప్పుతూ ఆ కబురు చెప్పాడు. తర్వాత సినిమాకు తీసుకెళ్ళాడు. అక్కణ్ణుంచి ఆ పిల్లవాడికి చదువు మీద ధ్యాస పోయింది. నాన్న నన్ను వదిలేసి వెళ్ళిపోయాడన్న కోపం లోపలే ఉండిపోయింది. తల్లి ప్రభుత్వం ఇచ్చే సాయంతో ఇద్దరు కొడుకుల్ని పెంచింది. ఆయన మొదటి కళ్ళద్దాలు కూడా న్యూయార్క్ నగరం కొనిచ్చినవే.

అది చదివి పుస్తకం మూసేశాను. ఆ తొమ్మిదేళ్ళవాణ్ణి, “నీకెలా ఉందిరా అబ్బాయ్?” అని ఎవరైనా కూర్చోబెట్టి అడిగారో లేదో. అడగకపోయి ఉంటే, ఆ తర్వాత ఆయన జీవితమంతా కనబడినవాళ్ళనల్లా ప్రశ్నలు అడుగుతూ గడపడంలో వింతేముంది? ఇది నా ఊహ మాత్రమే. ఆయన అలా రాసుకోలేదు.

1957 మే 1న ఫ్లోరిడాలో ఒక చిన్న రేడియో స్టేషన్లో ఆయన మొదటిసారి మైకు ముందు కూర్చున్నాడు. జైగర్ అనే పేరు జనం నోటికి పట్టదని, కార్యక్రమం మొదలయ్యే కొద్ది నిమిషాల ముందు మేనేజరు పేపర్లో కనబడిన ఒక సారా వ్యాపారి ప్రకటన చూసి ‘కింగ్’ అని పేరు పెట్టాడు. పాట వేశాడు, తగ్గించాడు, మళ్ళీ పెంచాడు. నోరు ఎండిపోయి మాట పెగల్లేదు. మేనేజరు తలుపు తన్ని, ఇది మాట్లాడే ఉద్యోగమయ్యా అని గదిమాడు. అప్పుడాయన వినేవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇది నా మొదటి రోజు, ఈ పేరు కూడా ఇప్పుడే పెట్టారు, భయంతో నోరు ఎండిపోయింది, మా మేనేజరు ఇప్పుడే తలుపు తన్ని వెళ్ళాడు అని. నిజం చెప్పాక ఇక భయపడాల్సిన పని లేకపోయిందట.

నా మొదటి ప్రసంగం గుర్తొచ్చింది. కాళ్ళు వణుకుతున్నా బల్ల గుద్ది గుద్ది మాట్లాడాను. భయాన్ని గొంతుతో కప్పేయడం ఆ రోజే నేర్చుకున్నాను. ఆ అలవాటు ఇంకా పోలేదు.

తర్వాత మయామీ బీచిలో ఒక హోటల్లో కూర్చుని, వచ్చినవాళ్ళతో మాట్లాడే కార్యక్రమం ఆయనకిచ్చారు. అక్కడ ఆయన మొట్టమొదట మాట్లాడించింది ఆ హోటల్లో వడ్డించే సర్వరుని. తర్వాత ఎంతమంది దేశాధినేతలు వచ్చినా పద్ధతి మార్చలేదు. ప్రశ్న చిన్నది, జవాబు పెద్దది. ఎందుకు? ఎలా? అప్పుడేమనిపించింది? ఎవరైనా పుస్తకం రాసి తన దగ్గరికి వస్తే, దాన్ని ముందుగా చదివేవాడు కాదు. చదివేస్తే జవాబు తెలిసిపోతుంది, తెలిసినదాన్ని అడిగితే ఆ ప్రశ్నలో నిజం ఉండదు అని ఆయన వాదన. నేను మాట్లాడుతున్నంతసేపూ నేను కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు అనేది ఆయన నమ్మిన సూత్రం.

ప్రియులారా, ఇక్కడే నాకు బాణం తగిలింది.

మా సంఘంలో ఒక సహోదరి భర్త మూడేళ్ళ క్రితం ఆసుపత్రిలో చనిపోయాడు. కబురు అందగానే వెళ్ళాను. సమాధి కార్యక్రమం చేశాను. పునరుత్థానం గురించి ముప్పావుగంట మాట్లాడాను. జ్ఞాపకార్థ కూడికలో ఇంకో గంట. బాగా ఆదరించానని నాకు నేనే అనుకున్నాను. పోయినేడు పొలం గట్టు మీద ఎదురుపడి ఆమె అంది: “ఆయన పోయే ముందు రాత్రి నాతో ఒక మాట చెప్పాడు అయ్యగారూ. మీరు అడుగుతారేమో, చెప్పుకుందామనుకున్నాను. మీరే కాదు, ఎవ్వరూ అడగలేదు.” అందులో నిష్ఠూరం లేదు. మామూలుగానే చెప్పింది. నేను గట్టు మీద నిలబడిపోయాను.

అప్పుడైనా అడిగాను. ఆమె చెప్పింది. ఆ మాట ఆమెది, ఇక్కడ రాయను. కానీ అన్నాళ్ళూ ఆ మాట ఆమె గుండెలో ఒంటరిగా ఉండిపోయింది, నేను వాక్యం చెప్పడంలో మునిగి ఉండటం వల్ల.

దేవుడు ఉన్నాడో లేడో తనకు తెలియదన్న మనిషి లారీ కింగ్. ఆయన దగ్గర కాపరి నేర్చుకునేదేముంది అని ఎవరైనా అనొచ్చు. నా జవాబు ఇది. లూకా 24లో ఎమ్మాయు దారి చూడండి. యెరూషలేములో ఆ మూడు రోజులూ జరిగింది ఆ దారిలో ఎవరికైనా పూర్తిగా తెలుసంటే, పక్కన వచ్చి కలిసిన ప్రభువుకే తెలుసు. అయినా ఆయన ముందుగా ప్రసంగం మొదలుపెట్టలేదు. మీరేం మాట్లాడుకుంటున్నారని అడిగాడు. నీకు తెలియదా అని వాళ్ళు ఆశ్చర్యపోతే, ఏం జరిగిందని మళ్ళీ అడిగాడు. వాళ్ళ దుఃఖం, వాళ్ళ భంగపడిన ఆశ మొత్తం వాళ్ళ నోటితో చెప్పుకోనిచ్చాక గాని లేఖనాలు విప్పలేదు. మనం ఆ అధ్యాయం ఎన్నిసార్లో బోధించాం. లేఖనాలు విప్పిన భాగం పట్టుకున్నాం, అడిగిన భాగం వదిలేశాం.

మనమూ ప్రశ్నలు అడుగుతాం. ఆదివారం ఎందుకు రాలేదు? ప్రార్థన చేసుకుంటున్నారా? ఇవి హాజరు పట్టీ ప్రశ్నలు. జవాబు మనకు ముందే తెలుసు, అవతలివాళ్ళు సిగ్గుపడాలని అడుగుతాం. గృహ దర్శనానికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, టీ తాగి, వాక్యం చదివి, ప్రార్థన చేసి లేచి వచ్చేస్తాం. ఆ ఇంటివాళ్ళు నోరు విప్పింది ఆమెన్ అనడానికి మాత్రమే.

పుస్తకం నాకు అన్ని విధాలా నచ్చిందని కాదు. మెత్తటి ప్రశ్నలు వేసి పెద్దవాళ్ళను వదిలేస్తాడని ఆయన మీద విమర్శ ఉండేది. అందులో న్యాయముందని నాకూ అనిపించింది. దేవుడు హాగరును మెత్తగానే అడిగించాడు, ఎక్కణ్ణుంచి వస్తున్నావు, ఎక్కడికి వెళ్తున్నావు అని. కయీనును మాత్రం తమ్ముడు ఎక్కడున్నాడని నిలదీశాడు. కాపరికి రెండు ప్రశ్నలూ కావాలి. ఊళ్ళో పెద్దమనిషి కూలివాళ్ళ డబ్బు ఎగ్గొడితే, ఆయన పండక్కి పెద్ద కానుక ఇచ్చాడు గదా అని నేను మెత్తటి ప్రశ్నతో సరిపెట్టుకుంటే అది వినడం కాదు, పిరికితనం.

ఇంకొకటి. తన తప్పుల్ని ఆయన దాచలేదు. 1971లో డబ్బు విషయంలో కేసు పెట్టి అరెస్టు చేశారు. గడువు మీరిందని మరుసటి ఏడు కేసు కొట్టేశారు గాని, ఉద్యోగం పోయింది, పేరు పోయింది. 1978లో మూడున్నర లక్షల డాలర్ల అప్పుతో దివాలా తీశాడు. రోజుకు మూడు పెట్టెల సిగరెట్లు తాగి 1987లో గుండెపోటు తెచ్చుకున్నాడు. మన సాక్ష్యాల్లో చూడండి, పాపాలన్నీ రక్షణకు ముందువే. బాప్తిస్మం తర్వాత ఎవరూ అప్పు ఎగ్గొట్టినట్టు, అబద్ధం ఆడినట్టు నేను ఏ కూటంలోనూ వినలేదు. ఆ విషయంలో ఈ పెద్దమనిషి మనకంటే నిజాయితీపరుడు.

అన్నిటికంటే బాధపెట్టింది ఆయన ఇల్లు. ఏడుగురు స్త్రీలతో ఎనిమిది పెళ్ళిళ్ళు. తన పేరే పెట్టిన కొడుకు ఒకడున్నాడు, వాడికి ముప్ఫై ఏళ్ళు దాటేదాకా ఈయన కలుసుకోలేదు. ఎక్కడివాళ్ళో వచ్చి ఎదుట కూర్చుంటే గంటసేపు కళ్ళార్పకుండా విన్న మనిషికి, కన్నకొడుకు గొంతు అన్నేళ్ళు వినబడలేదు. మైకు ఉన్నచోట వినడం తేలిక. లైట్లుంటాయి, గంట కాగానే అయిపోతుంది, మెచ్చుకునేవాళ్ళుంటారు. ఇంట్లో వినడానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఈ మాట రాసి తీర్పు తీర్చేసి ముగించేద్దామనుకున్నాను. కానీ మా అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. ప్రతి శనివారం రాత్రి ఫోన్ చేస్తాడు. నేనడిగేవి రెండే ప్రశ్నలు. “ప్రార్థన చేసుకుంటున్నావా? రేపు ఆరాధనకు వెళ్తున్నావా?” వాడు “ఆఁ నాన్నా” అంటాడు. నేను ఫోన్ వాళ్ళమ్మకు ఇచ్చేస్తాను. నాలుగేళ్ళుగా ఇదే. వాడు ఏం తింటాడో, ఎవరితో ఉంటాడో, దేనికి భయపడుతున్నాడో నాకు తెలియదు. లారీ కింగ్ కొడుకు ముప్ఫై ఏళ్ళు ఎక్కడో ఉన్నాడు. నా కొడుకు వారం వారం ఫోన్లోనే ఉన్నాడు, అయినా నేను కలుసుకోలేదు.

పోయిన శనివారం ఫోన్ వస్తే, “ఈ వారం ఎలా గడిచిందిరా?” అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, “ఏంటి నాన్నా, ఒంట్లో బాగానే ఉందా?” అన్నాడు కంగారుగా. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. బాగానే ఉంది, నువ్వు చెప్పు అన్నాను. మెల్లగా మొదలుపెట్టాడు. ఆఫీసులో తన టీములో ఇద్దర్ని తీసేశారట, తనకూ నిద్ర పట్టడం లేదట. మధ్యలో రెండుసార్లు వాక్యం నా నాలుక దాకా వచ్చింది. ఆపుకున్నాను. చివర్లో వాడే అన్నాడు, “ప్రార్థన చెయ్యి నాన్నా” అని. నాలుగేళ్ళలో వాడు అడగడం అదే మొదటిసారి.

వినడానికి వేగిరపడమని, మాట్లాడటానికి నిదానించమని యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలోనే చెప్పాడు. నేను ఆ క్రమాన్ని తిరగేసి ఇరవై ఏళ్ళు పరిచర్య చేశాను. చదువుతున్న మీలో కాపరులుంటే, ఈ వారం వెళ్ళే ఒక్క ఇంట్లో బైబిలు తెరవకముందు ఒక్క ప్రశ్న అడగండి, జవాబు మీకు నిజంగా తెలియని ప్రశ్న. వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా గడియారం చూడకండి. కాపరులు కాని వాళ్ళయితే మీ ఇంట్లోనే అడగండి.

ఆ సహోదరి ఇంటికి రేపు వెళ్తున్నాను. ఈసారి ప్రసంగం సిద్ధం చేసుకోలేదు.

ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమెన్.