ముసలి కుక్క ఏడుపు ఎవరి చావుకి?

అర్ధరాత్రి దాటాక హైదరాబాద్ అశోక్‌నగర్ సందులో ముసలి కుక్క మోరెత్తి ఏడిస్తే చుట్టుపక్కల కిటికీలు తెరుచుకుంటాయి. ఎవరికో మూడిందని ఒకరంటారు. దాన్ని తరిమేదాకా నిద్ర పట్టదని ఇంకొకరంటారు. గ్రూప్స్ పరీక్షలకి చదువుతూ హాస్టల్ గదిలో మేలుకుని ఉన్న కుర్రాడు, సైన్స్‌లో డిగ్రీ చేసినవాడే, ఊళ్లో తాతకి ఎలా ఉందోనని ఫోన్ వైపు చూస్తాడు. కుక్కకి యముడు కనిపిస్తాడన్న మాట మనకి ఉగ్గుపాలతో వచ్చింది. యముడి దారిని నాలుగేసి కళ్ల కుక్కలు రెండు కాపలా కాస్తాయని ఋగ్వేదం పదో మండలంలోనే ఉంది. అంత పాత ఊహ. పాతదైనంత మాత్రాన నిజమైపోదు.

ఒక చిన్న లెక్క వేసుకుంటే ఈ భయం గుట్టు తెలుస్తుంది. 2020 నాటి ప్రభుత్వ నమూనా నమోదు లెక్కల ప్రకారం మన దేశంలో ఏడాదికి ప్రతి వెయ్యి మందిలో ఆరుగురు చనిపోతారు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో ఒక 50,000 మందిని తీసుకుందాం. ఏడాదికి 300 చావులు. ఇంచుమించు రోజుకొకటి. కుక్క ఏ రాత్రి ఏడ్చినా మర్నాడో మూడోనాడో ఏదో ఒక గేటు ముందు షామియానా లేస్తుంది. ఆ ఏడుపునీ ఆ షామియానానీ ముడివేసి ఏళ్ల తరబడి చెప్పుకుంటాం. ఏ కుక్కా నోరెత్తని రాత్రి పోయినవాళ్లని మాత్రం ఈ లెక్కలో ఎవరూ వేయరు. ఏడ్చినా ఎవరికీ ఏమీ కాని రాత్రులు అసలు గుర్తే ఉండవు.

ఈ నమ్మకంతో మనుషులకి పోయేది ఒక రాత్రి నిద్ర. కుక్కకి ప్రాణం మీదికి వస్తుంది. శకునమని తేల్చేసుకున్నాక అది జబ్బు లక్షణం కావచ్చునని ఎవరికీ తోచదు. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఈ ఒక్క మాట చెప్పడానికే.

మా ఇంటి కుక్క జూలీ పద్నాలుగో ఏట రాత్రిళ్లు ఏడవడం మొదలుపెట్టింది. తలుపు తెరుచుకునే వైపు కాక బందులున్న వైపు నిలబడి, ఎవరైనా తీస్తారని చూసేది. సామాన్ల గది మూలలో గోడకి ముఖం పెట్టి అలాగే ఉండిపోయేది. పగలంతా నిద్ర, రాత్రంతా తిరుగుడు. చూడ్డానికి వచ్చిన మా పిన్ని, "దానికి పెద్దలు కనిపిస్తున్నారే, ఒకసారి శాంతి చేయించండి" అంది. పిన్నికి అదంటే ప్రాణం; ఆ మాట ప్రేమతోనే అంది. డాక్టరు మాత్రం జూలీ కళ్లలో లైటు వేసి చూసి, రక్తం తీయించి, మేం ఫోన్లో తీసిన వీడియోలు చూసి, ఇది కుక్కలకి ముసలితనంలో వచ్చే మతిమరుపు జబ్బు అని చెప్పాడు. మనుషుల్లో అల్జీమర్స్‌కి కారణంగా చెప్పే అమైలాయిడ్ ప్రొటీనే కుక్కల మెదడులోనూ పేరుకుంటుంది. తెలిసిన ఇల్లే తెలియనిదవుతుంది. చీకట్లో దారి తప్పిన ప్రాణి తనవాళ్లని పిలుస్తుంది. ఆ పిలుపునే మనం ఏడుపంటున్నాం.

దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ చేయగలిగింది చాలా ఉంది. రాత్రి చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి. నీళ్ల గిన్నె, పడక జరపకూడదు. గచ్చు మీద కాళ్లు జారకుండా రబ్బరు పట్టాలు వేయాలి. ఎండ తగ్గాక కొంచెం నడిపిస్తే రాత్రి పడుకుంటుంది. సెలెజిలిన్ లాంటి మందులున్నాయి, డాక్టరు చూసి ఇస్తారు. చెవుడు, చూపు తగ్గడం, కీళ్ల నొప్పి, బీపీ, వీటిలో ఏదైనా రాత్రి ఏడుపుకి కారణం కావచ్చు. అవి ముందు తేల్చుకోవాలి. శాంతి చేయించిన ఇంట్లో ఈ పరీక్షలు జరగవు. పూజ అయిపోయింది, ఇక ఫలితం కోసం చూడటమే అనుకుంటారు.

ఇలా తడబడే కుక్కకి పిచ్చి పట్టిందని వీధిలోకి వదిలేసేవాళ్లు ఇంకో రకం. రేబిస్ లక్షణాలు బయటపడిన కుక్క దాదాపు పది రోజుల్లోపే చనిపోతుంది. నెలల తరబడి మెల్లగా తడబడుతున్న కుక్కకి ఉన్నది రేబిస్ కాదు. ఈ సంగతి తెలియాల్సిన చోటు నారాయణగూడ కన్నా ఏముంది? కుక్క కరిస్తే నగరం నలుమూలల నుంచీ జనం ఇక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కి (ఐపీఎం) పరిగెత్తి వస్తారు. ఒకప్పుడు కుక్కకాటుకి మంత్రం వేయించుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. గొర్రె మెదడు నుంచి తీసిన మందుని బొడ్డు చుట్టూ పద్నాలుగు రోజులు పొడిపించుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. అంత నొప్పికి కూడా ఓర్చి జనం మంత్రాన్ని వదిలి మందు పట్టుకున్నారు. కాటు తిన్న మనిషి విషయంలో నేర్చుకున్నదాన్ని ముసలి కుక్క విషయంలో నేర్చుకోలేమా? ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల కూడా ఈ నారాయణగూడలోనే ఉంది.

మూఢనమ్మకం దేవుడి పేరుతోనే రావాలని లేదు. "వయసైపోయింది, ఇంకేం చేస్తాం" అన్నది చదువుకున్నవాళ్ల మూఢనమ్మకం. కుక్క ఏడాది మనిషి ఏడేళ్లతో సమానమని అందరం వల్లిస్తాం. పన్నెండేళ్ల కుక్కకి ఆ లెక్కన 84 వస్తుంది, అక్కడితో వైద్యం ఆపేస్తాం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డీగో శాస్త్రవేత్తలు 2020లో లాబ్రడార్ల డీఎన్ఏ మీద వయసు వేసే రసాయన గుర్తుల్ని మనుషుల గుర్తులతో పోల్చి చూశారు. కుక్క మొదటి ఏళ్లలో శరవేగంగా ఎదిగి, తర్వాత నెమ్మదిగా ముదురుతుందని తేలింది. వాళ్ల సూత్రంతో పన్నెండేళ్ల లాబ్రడార్‌కి వచ్చేది దాదాపు 71. జాతిని బట్టి తేడాలుంటాయి. అయినా 71 ఏళ్ల తండ్రి మోకాళ్లు పట్టేసి లేవలేకపోతే వయసైపోయిందని వదిలేస్తామా? ముసలితనం జబ్బు కాదు. కుంటడం కీళ్లవాపు కావచ్చు, దానికి మందుంది. ఇల్లంతా మూత్రం పోయడం మధుమేహమో, మూత్రనాళంలో ఇన్‌ఫెక్షనో కావచ్చు. ఈ "ఏం చేస్తాం"కి తోడు, మనకి పనిచేసింది దానికీ పనిచేస్తుందన్న ధీమా ఒకటి. ఇంట్లో ఉన్న ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు ముద్దలో పెట్టి ఇస్తారు. కుక్కల్లో అవి కడుపులో పుండ్లు పుట్టించి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి.

తిండి మానేసిన ముసలి కుక్కని చూసి, "దానికి తెలిసిపోయింది, అందుకే మానేసింది" అనడం విన్నాను. ప్రాయోపవేశం చేసిన మునులతో పోలుస్తారు. అది గౌరవంగానే వినిపిస్తుంది. కానీ ఆ కుక్క ఏ వ్రతమూ పట్టలేదు. పన్ను కుళ్లి నమలలేకపోతోంది, లేదా మూత్రపిండాలు పాడై నోట్లో పుండ్లు పడి, కడుపులో తిప్పుతోంది. రక్తంలో క్రియాటినిన్ చూస్తే తెలిసే విషయానికి వైరాగ్యం అంటగడుతున్నాం.

మడి సంగతి చెప్పాలి. పదేళ్లు మంచం మీద పడుకోబెట్టుకున్న కుక్కే పట్టు తప్పి మూత్రం పోయగానే ఇల్లు మైల పడిందంటారు. దేవుడి గది ఉన్న ఇల్లని దాన్ని డాబా మీదికో, సెల్లార్‌లో కార్ల పక్కకో చేరుస్తారు. మే నెల డాబా మీద ముసలి కుక్క వడదెబ్బకి చనిపోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. శనివారం శనిదోషం పోవాలని నల్లకుక్కని వెతికి రొట్టె పెట్టే చేయీ, ఇంట్లో కుక్కని మెట్ల మీదికి తోసే చేయీ ఒకటే అవుతున్నాయి. రొట్టె పెట్టేది కుక్క ఆకలి చూసి కాదు కాబట్టే అది సాధ్యమవుతోంది. ఆకలి దప్పులతో అలమటించేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో పదకొండో సెక్షన్ కింద నేరం. మొదటి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్ల కింద రాసిన ఆ అంకెని ఇప్పటికీ అలాగే ఉంచడం మన శాసనకర్తలకి తగదు.

ఇక అన్నిటికన్నా బరువైనది ఆఖరి ఇంజెక్షన్. మూత్రపిండాలు పూర్తిగా పోయి, వాంతులు ఆగక, లేవలేక, పడుకున్న పక్క పుండ్లు పడి, నొప్పి మాత్రకి కూడా లొంగని దశలో డాక్టరు ఆ మాట ఎత్తుతాడు. వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు, "దాని కర్మ అది అనుభవించాలి, మధ్యలో తీసేస్తే మిగిలింది అనుభవించడానికి మళ్లీ పుట్టాలి" అంటారు. ఈ వాదాన్ని నిజంగా నమ్మితే మొదటి రోజే సెలైన్ పెట్టించకూడదు, పిడుదులు కుట్టి జ్వరమొస్తే డాక్సీసైక్లిన్ ఇవ్వకూడదు. బాధ తగ్గించిన ప్రతి మందూ కర్మకి అడ్డుపడినట్టే కదా. అప్పుడు అడ్డురాని కర్మ, బాధ పూర్తిగా తీసే మందు దగ్గరే ఎందుకొచ్చింది? నిర్ణయం తీసుకునే భారం మన మీద పడింది గనుక. కర్మ పేరు చెబితే ఆ భారం దిగిపోతుంది. దిగిపోయిన భారమంతా కుక్క మోస్తుంది, గంట గంటకీ.

1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ బాగుపడే ఆశ లేని స్థితిలో బాధతో గిలగిల్లాడింది. గాంధీ డాక్టరుని పిలిపించి ఇంజెక్షన్‌తో దాన్ని ఆ బాధ నుంచి తప్పించాడు. జీవితమంతా అహింస చెప్పిన మనిషి, అదీ ఆవుదూడ. దేశమంతటి నుంచీ కోపంతో ఉత్తరాలు వచ్చాయి. ఆయన వెనక్కి తగ్గలేదు, తన పత్రికలో బాహాటంగా సమర్థించుకున్నాడు. ఆయన ఈశ్వర విశ్వాసంతో నాకు పనిలేదు. బాధ ముందు ధర్మశాస్త్రాన్ని పక్కన పెట్టగలిగిన ధైర్యం నాకు కావాలి. 1960 చట్టం కూడా బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి ఒకటుంటుందని పదమూడో సెక్షన్‌లో ఒప్పుకుంది.

ధర్మరాజు వెంట వెళ్లిన కుక్క కథని మన పురాణ ప్రవచనాల్లో ఎన్నిసార్లు విన్నామో. తమ్ముళ్లూ ద్రౌపదీ దారిలో పడిపోతారు, కుక్క ఒక్కటీ వెంట వస్తుంది. కుక్కని వదిలేస్తేనే స్వర్గమని ఇంద్రుడంటాడు. నమ్మి వచ్చినదాన్ని వదలనని ధర్మరాజంటాడు. మన సాహిత్యంలో కుక్క కోసం మనిషి పలికిన ఇంత గొప్ప మాట ఇంకోటి లేదు. అయితే ఆ తర్వాత ఆ కుక్క కుక్క కాదనీ, మారువేషంలో ఉన్న ధర్మదేవత అనీ తేలుతుంది. నాకు ప్రతిసారీ అక్కడే మనసు కష్టపడుతుంది. అది చివరిదాకా మామూలు కుక్కే అయి ఉంటే ధర్మరాజు మాట విలువ పెరిగేది. కుక్కలో ఇంకేదో ఉందన్నప్పుడే దానికి విలువనివ్వడం మనకి అలవాటైపోయింది. భైరవుడి వాహనం, యముడి దూత, పూర్వజన్మ బంధువు. అది ఉత్త కుక్క. దానికి నొప్పి తెలుసు. దయకి ఆ ఒక్క అర్హత చాలు.

ఎప్పుడు తీసుకోవాలి ఆ నిర్ణయం? ముహూర్తం చూసుకుని కాదు, ఏకాదశి వెళ్లాక అనీ కాదు. ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికన్ పశువైద్యురాలు ఒక కొలమానం ఇచ్చింది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా అన్నది. ఒక్కోదానికి పదికి మార్కులు. మొత్తం 35 దాటితే ఇంకా బతుకు బతుకులాగే ఉన్నట్టు. మేం గోడకున్న క్యాలెండరు మీదే మంచి రోజుకి ఒక గుర్తు, చెడ్డ రోజుకి ఒక గుర్తు పెట్టాం. రాహుకాలాలు అచ్చేసిన ఆ క్యాలెండరు అలా పనికొచ్చింది. ఆఖరి ఇంజెక్షన్‌కి ముందు మత్తు ఇస్తారు, నిద్రపోయాక మోతాదు మించిన మత్తుమందు ఎక్కిస్తారు; స్పృహ పోయాకే గుండె ఆగుతుంది. ఇంట్లోవాళ్లు పక్కన ఉండాలి. తెలిసిన చేయి తల మీద ఉంటే దానికి భయం ఉండదు.

పోయాక వినిపించే ఓదార్పు ఒకటుంది: "మీ ఇంటి గండం అది తీసుకుపోయింది." దుఃఖంలో ఉన్నవాళ్లకి అది చల్లగా తగులుతుంది, కాదనను. కానీ ఆ మాటతో ఎందుకు చనిపోయిందన్న ప్రశ్న ఆగిపోతుంది. పిల్లలకి ఊరికి పంపించామని అబద్ధం చెబుతారు. దాని మూత్రపిండాలు పనిచేయడం మానేశాయని ఆరేళ్ల పిల్లకి చెబితే అర్థమవుతుంది. ఊరికెళ్లిందంటే ఎప్పుడొస్తుందని ఏడాది పొడుగునా అడుగుతుంది. కుక్క కోసం ఏడవడమేంటని మగవాళ్లని ఎగతాళి చేసే అలవాటూ పోవాలి.

కొన్నాళ్లకి పిల్లల పోరు పడలేక టీకాలు వేయించని నెల పిల్లని ఎక్కడి నుంచో తెస్తారు. వారం తిరక్కుండా రక్తవిరేచనాలతో అది చనిపోతుంది. అప్పుడు "మా ఇంటికి కుక్కలు అచ్చిరావు" అంటారు. అచ్చిరానిది ఇల్లు కాదు. ఇలాంటి విరేచనాలకి కారణమయ్యే పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైగా బతుకుతుంది. ఇంకో పిల్లని తెచ్చినా అదే జరుగుతుంది, టీకాలు పూర్తికాకపోతే, గచ్చుని బ్లీచింగ్‌తో కడగకపోతే. కాబట్టి పోయినదాని రక్తపరీక్షల కాగితాలు, మందుల చీటీలు పారేయకండి. కొత్తదాన్ని తీసుకెళ్లగానే డాక్టరు అడుగుతాడు, ముందుది దేనితో పోయిందని. ఆ జవాబుని బట్టే దీనికి ఏం చేయాలో చూస్తాడు.