పెరటి కోడి – పురపాలక నియమం

తెలుగువారి గృహజీవనంలో కోడికి గల స్థానం చిరకాలికమైనది. గడియారాలు లేని రోజులలో తొలికోడి కూత, మలికోడి కూత అనేవే వేకువజామును తెలిపే గుర్తులు. తన కోడీ తన కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదని భావించిన ముసలమ్మ సామెతలో నేటికీ సజీవంగా ఉన్నది. పాడిపశువును కొనగల స్తోమత లేని నిరుపేద ఇంట సైతం ఒక గంప, దాని కింద నాలుగు కోళ్ళు ఉండేవి. రాలిన గింజలను, పురుగులను, వంటింటి నుండి పారవేసిన మెతుకులను ఏరుకొని తిని గుడ్లను ఇచ్చే ఈ పక్షిని పెంచడానికి పెట్టుబడి స్వల్పం. అన్నింటికంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. పంట అమ్మిన సొమ్ము ఇంటి యజమాని చేతికి చేరినా, గుడ్లు అమ్మిన పైకం తరచు ఇల్లాలి కొంగుముడిలోనే నిలిచేది. పిల్లవాని పుస్తకానికైనా, జ్వరానికి మందుకైనా మరొకరి ముందు చేయిచాపవలసిన అవసరం ఆమెకు లేకుండా చేసినది ఆ కొద్దిపాటి ఆదాయమే.

ఇది గతించిన కాలపు ముచ్చట మాత్రమే కాదు. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో కోళ్ళు తదితర పెంపుడు పక్షుల సంఖ్య 85 కోట్లకు పైబడగా, వాటిలో సుమారు 31.7 కోట్లు పెరటిలో పెరుగుతున్నవే. 2012 నాటి గణనతో పోలిస్తే పెరటి పక్షుల సంఖ్య 45 శాతానికి మించి పెరిగింది. హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో నెలకొన్న కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి అనువైన వనరాజ, గ్రామప్రియ అనే రకాలను రూపొందించింది. శాస్త్రవేత్త పరిశోధన, గృహిణి శ్రమ రెండూ ఈ పక్షి వెనుక ఉన్నాయి. అయితే ఆ కోళ్ళ గంపను పట్టణంలోని పెరటిలో ఉంచవచ్చునా అన్న ప్రశ్నకు మాత్రం చాలామంది వద్ద సరియైన సమాధానం లేదు.

ఈ ప్రశ్నకు లోకంలో మూడు విధాలైన సమాధానాలు వినవస్తాయి. "మన పెరడు, మన కోళ్ళు, మన ఇష్టం" అనేది మొదటిది. "పట్టణంలో కోళ్ళను పెంచనే కూడదు" అనేది రెండవది. "ఇంత చిన్న విషయాన్ని ఎవరు పట్టించుకొంటారు?" అనేది మూడవది. ఈ మూడింటిలోనూ ఒక సమాన లోపం ఉన్నది. అసలు నియమం ఏమిటో తెలుసుకొని పలికినది వీటిలో ఒక్కటీ లేదు. నియమాన్ని తెలుసుకోకుండా హక్కును చాటడం ఎంత తప్పో, నియమాన్ని తెలుసుకోకుండా నిషేధాన్ని చాటడమూ అంతే తప్పు. పొరుగువారితో తగాదా ముదిరి, ఫిర్యాదు అందిన తరువాత నియమం కోసం వెదకడం ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం వంటిది.

ఈ చిక్కుకు మూలం రాజ్యాంగంలోని రెండు జాబితాల నడుమ గల ఒక భేదంలో కనిపిస్తుంది. 1992లో పార్లమెంటు ఆమోదం పొంది 1993లో అమలులోకి వచ్చిన 73వ, 74వ రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించాయి. గ్రామ పంచాయతీల వ్యవస్థకు సంబంధించిన 11వ షెడ్యూలులోని 29 అంశాలలో పశుసంవర్ధనం, పాడి పరిశ్రమ, కోళ్ళ పెంపకం అనేవి కలిసి ఒక అంశంగా ఉన్నాయి. పురపాలక సంస్థలకు సంబంధించిన 12వ షెడ్యూలులోని 18 అంశాలలో కోళ్ళ పెంపకం ప్రస్తావన లేదు. అక్కడ కనిపించేవి ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, బందెలదొడ్లు, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ, కబేళాల నియంత్రణ మొదలైనవి. అనగా గ్రామంలో కోడి అభివృద్ధికి సంబంధించిన అంశం. పట్టణ పొలిమేర దాటి లోపలికి రాగానే అదే కోడి పారిశుద్ధ్యానికి సంబంధించిన సమస్యగా మారుతున్నది.

ఈ భేదం కాగితాలకు పరిమితమైనది కాదు. 2007లో 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను నగరపాలక సంస్థలో విలీనం చేసి బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థను ఏర్పరచారు. అటు తరువాత కూడా ఉభయ తెలుగు రాష్ట్రాలలో అనేక గ్రామాలు పట్టణాలలో కలిశాయి. ఇటువంటి విలీనంలో ఇల్లు కదలదు, పెరడు కదలదు, కోళ్ళగూడు కదలదు. వాటిపై వర్తించే చట్టం మాత్రం ఒక్క ఉత్తర్వుతో మారిపోతుంది. నిన్నటివరకు ప్రోత్సాహానికి అర్హమైన పని నేడు ఆక్షేపణకు గురికావచ్చునన్న సంగతి ఆ గూటిని నమ్ముకొన్న ఇల్లాలికి ఎవరూ చెప్పరు. పన్ను పెరిగినప్పుడు తాఖీదు ఇంటికి వస్తుంది. నియమం మారినప్పుడు మాత్రం అటువంటి కబురు ఏదీ రాదు.

నియమాన్ని తెలుసుకోదలచిన వ్యక్తి మొదట తన ఇల్లు ఏ స్థానిక సంస్థ పరిధిలో ఉన్నదో నిర్ధారించుకోవాలి. తెలంగాణలో గ్రామాలకు 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం, పురపాలక సంఘాలకు 2019 నాటి పురపాలక చట్టం వర్తిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాలకు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, పురపాలక సంఘాలకు 1965 నాటి పురపాలక చట్టం ఆధారం. కొన్ని నగరపాలక సంస్థలకు వేరుగా చట్టాలున్నాయి. వీటికి తోడు స్థానిక సంస్థ చేసుకొన్న ఉపనిబంధనలు ఉంటాయి. అపార్ట్‌మెంటులో నివసించేవారికి అక్కడి సంఘ నియమావళి, అద్దె ఇంటివారికి యజమానితో చేసుకొన్న ఒప్పందం అదనపు హద్దులు. అందువలన ఈ ప్రశ్నకు సమాధానం ఒకే చట్టంలో ఒకే చోట లభించేది కాదు. పక్క ఊరిలో చెల్లినది ఈ ఊరిలో చెల్లుతుందని భావించడానికీ వీలు లేదు.

రెండవదిగా, పెంపకం ఇంటి అవసరానికా, అమ్మకానికా అన్నది తేల్చుకోవాలి. ఇంటివారు తినే గుడ్ల కోసం నాలుగైదు పెట్టలను పెంచడం వేరు. అమ్మకం కోసం వందల సంఖ్యలో పెంచడం వేరు. రెండవది వ్యాపారం కనుక దానికి లైసెన్సుల ప్రసక్తి వస్తుంది. భారీ ఫారాల విషయంలో కాలుష్య నియంత్రణ మండలి నిబంధనలు కూడా వర్తిస్తాయి. వ్యాపారానికి ఉద్దేశించిన నియమాన్ని చూపి ఇంటి గంపను తొలగించమనడం న్యాయం కాదు. ఇంటి గంప పేరు చెప్పి వ్యాపారాన్ని సాగించడమూ న్యాయం కాదు.

చట్టంలో స్పష్టమైన నిషేధం కనిపించనప్పుడు దానిని సంపూర్ణమైన అనుమతిగా భావించేవారు ఉన్నారు. ఇది ప్రమాదకరమైన భ్రమ. ఒక వ్యక్తి చర్య వలన ఇరుగుపొరుగువారికి సామాన్యంగా హాని, అపాయం లేదా చికాకు కలిగితే అది ప్రజాబాధకం అవుతుంది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 270వ సెక్షన్ దీనిని నిర్వచిస్తున్నది. అటువంటి బాధను తొలగించవలసినదిగా కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ఆదేశించడానికి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 152వ సెక్షన్ అవకాశం ఇస్తున్నది. పక్షులను కదలడానికి వీలులేని ఇరుకు పంజరంలో కుక్కి ఉంచితే 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం అడ్డు వస్తుంది. కనుక కోడిని ఉంచుకోవచ్చునా అన్న ప్రశ్నతో పాటు ఎట్లా ఉంచుకోవాలి అన్న ప్రశ్న కూడా వేసుకోవలసి ఉన్నది.

పొరుగువారి పక్షాన నిలిచి ఆలోచించినప్పుడు వారి ఆక్షేపణలు తేలికగా తోసిపుచ్చదగినవి కావని తెలుస్తుంది. శుభ్రం చేయని గూటి నుండి వచ్చే దుర్గంధం ప్రహరీగోడను లెక్కచేయదు. చల్లిన గింజలకు ఎలుకలు, ఎలుకలకు, గుడ్లకు పాములు చేరతాయి. పుంజు కూత పల్లెలో మేలుకొలుపు. రాత్రి విధులు ముగించుకొని మూడు గంటలకు నిద్రకు ఉపక్రమించిన ఉద్యోగికి అదే కూత శిక్ష. 2000వ సంవత్సరపు ధ్వని కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలలో రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు 45 డెసిబెల్స్‌ను హద్దుగా నిర్దేశించాయి. నిశ్శబ్దంగా నిద్రించే హక్కుకు సమాజం ఇచ్చిన విలువ ఎంతటిదో ఈ హద్దు తెలుపుతున్నది. పెరడు సొంతమే కాని, గాలి సొంతం కాదు. ధ్వని సొంతం కాదు.

వ్యాధుల విషయం మరింత గంభీరమైనది. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ ప్రాంతంలో దేశంలో తొలిసారిగా బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలోనూ ఆ వ్యాధి బయటపడింది. అటువంటి సమయంలో వ్యాధి సోకిన చోటికి కిలోమీటరు పరిధిలోని పక్షులను, అవి ఫారంలోనివైనా పెరటిలోనివైనా, నిర్మూలించే పద్ధతి ఉన్నది. ప్రభుత్వం అట్లా నిర్మూలించిన పక్షులకు నష్టపరిహారం చెల్లించే ఏర్పాటు కూడా ఉన్నది. 2009 నాటి చట్టం ప్రకారం షెడ్యూలులో పేర్కొన్న సాంక్రామిక వ్యాధి తన పక్షులకు సోకినదని భావించిన యజమాని ఆ సంగతిని తెలియజేయడం విధి. కాని భయంతో చాటుగా పెంచుతున్న కోడి సంగతి ఎవరు తెలియజేస్తారు? దానికి కొక్కెర తెగులు టీకా వేయించడానికి ఎవరు ముందుకు వస్తారు? లెక్కలోనికి రాని కోడికి టీకా అందదు. దాని యజమానికి పరిహారమూ అందకపోవచ్చు. నియమం అస్పష్టంగా ఉన్నందువలన కలిగే నష్టం ఒక్క కోడిని పెంచేవారిది కాదు, ఊరందరిదీ.

ఇతర దేశాలు ఈ సమస్యను ఎదుర్కొన్న తీరు ఆలోచింపదగినది. న్యూయార్క్ వంటి మహానగరంలో పెట్టలను పెంచుకోవడానికి అనుమతి ఉన్నది, పుంజులను ఉంచడానికి లేదు. ఒక్క వాక్యంలో చెప్పదగిన ఈ నియమం గుడ్లు కోరేవారి అవసరాన్ని, నిద్ర కోరేవారి అవసరాన్ని ఒకేసారి గౌరవిస్తున్నది. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అవసరం లేదన్న శాస్త్రసత్యమే ఈ రాజీకి ఆధారం. ఫ్రాన్సులోని ఓలెరాన్ ద్వీపంలో మోరిస్ అనే పుంజు కూతపై పొరుగువారు వ్యాజ్యం వేయగా, 2019లో న్యాయస్థానం ఆ పుంజు యజమానురాలి పక్షాన తీర్పు చెప్పింది. 2021లో ఆ దేశం గ్రామసీమల సహజ ధ్వనులను, వాసనలను వారసత్వంగా గుర్తిస్తూ చట్టం చేసింది. నగరం ఒక విధంగా, పల్లె మరొక విధంగా తేల్చుకొన్నాయి. రెండు చోట్లా నియమం బహిరంగంగా ఉన్నదన్నదే గమనింపదగిన విషయం.

తెలుగు రాష్ట్రాల పౌరుని చేతిలోనూ ఒక బలమైన సాధనం ఉన్నది. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రకారం ఎవరైనా తమ స్థానిక సంస్థకు దరఖాస్తు చేయవచ్చు. గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, పురపాలక కార్యాలయం వంటి ఇతర కార్యాలయాలలో 10 రూపాయలు చెల్లించాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఆ రుసుమూ చెల్లించనవసరం లేదు. సామాన్యంగా 30 రోజులలో సమాధానం రావాలి. అడిగిన సమాచారం మరొక కార్యాలయానికి చెందినదైతే, దరఖాస్తును 5 రోజులలోగా అక్కడికి బదిలీ చేయడం అధికారి బాధ్యత. "కోళ్ళు పెంచుకోవచ్చునా?" అని అభిప్రాయం అడగడం కంటె, "మా ప్రాంతంలో గృహావసరానికి కోళ్ళను ఉంచుకోవడంపై అమలులో ఉన్న నియమాల, ఉపనిబంధనల ప్రతిని ఇవ్వగలరు" అని పత్రాన్ని కోరడం వివేకం. నోటిమాటకు రేపు సాక్ష్యం ఉండదు. కాగితానికి ఉంటుంది.

అయితే భారమంతా పౌరునిపై మోపడం ధర్మం కాదు. తన నియమాలను అడగకముందే ప్రకటించవలసినదని, స్థానిక భాషను దృష్టిలో ఉంచుకొనవలసినదని అదే చట్టంలోని 4వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలను ఆదేశిస్తున్నది. ఎన్ని పెట్టలను ఉంచవచ్చు, పుంజుకు అనుమతి ఉన్నదా లేదా, గూడు పొరుగింటికి ఎంత దూరంలో ఉండాలి, రెట్టను ఎట్లా తొలగించాలి, టీకాలు ఎక్కడ లభిస్తాయి అన్న అయిదు విషయాలను ఒక పుటలో సరళమైన తెలుగులో ముద్రించి వార్డు కార్యాలయం గోడకు అంటిస్తే సగం తగాదాలు పుట్టకముందే సమసిపోతాయి. రహదారులు, మంచినీరు, మురుగునీరు వంటి పెద్ద సమస్యలుండగా కోళ్ళ గురించి ఆలోచించే తీరిక ఎక్కడిదని అధికారులు ప్రశ్నించవచ్చు. కాని సామాన్యునికి ప్రభుత్వం సాక్షాత్కరించేది ఇటువంటి చిన్న విషయాలలోనే. నాలుగు కోళ్ళ గురించి స్పష్టంగా చెప్పలేని సంస్థ పెద్ద విషయాలను స్పష్టంగా చెబుతుందన్న విశ్వాసం ప్రజలకు కలగడం కష్టం.

పౌరశాస్త్ర గ్రంథాలలో ప్రజాస్వామ్యం అంటే ఎన్నికలు, శాసనసభలు, న్యాయస్థానాలు. నిత్యజీవితంలో మాత్రం అది రెండిళ్ళ నడుమ నిలిచిన ప్రహరీగోడ వద్దనే ప్రారంభమవుతుంది. కోళ్ళను తెచ్చుకొనేముందు పొరుగింటి తలుపు తట్టి ఒక మాట చెప్పడానికి ఏ చట్టమూ అవసరం లేదు. స్థానిక కార్యాలయంలో నియమం ఏమిటని అడగడానికి పాండిత్యం అవసరం లేదు. చదువుకొన్న యువత తమ ఇంటి పెద్దలకు, చుట్టుపక్కల చదువురాని ఇల్లాండ్రకు ఒక దరఖాస్తు వ్రాసిపెట్టినా అది గొప్ప సేవ అవుతుంది. నియమాన్ని దాచని పాలన, నియమాన్ని అడిగి తెలుసుకొనే పౌరుడు, పొరుగువారి నిద్రను తన నిద్రగా తలచే గృహస్థుడు ఉన్న పట్టణంలో పెరటి కోడికి తప్పక చోటు ఉంటుంది.