ముగ్గురి కథ, ఒక్కరి ఎన్నిక

2024 ఏప్రిల్ 22న సూరత్ లోక్‌సభ స్థానంలో ఎన్నిక ముగిసిపోయింది. అప్పటికి పోలింగుకు ఇంకా 15 రోజుల గడువుంది. నామినేషన్ పత్రంపై ఉన్న సంతకాలు తమవి కావని ప్రతిపాదకులే ప్రమాణపత్రాలు ఇవ్వడంతో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ అంతకు ముందురోజే తిరస్కరణకు గురైంది. ఆ పార్టీ ప్రత్యామ్నాయ అభ్యర్థి పత్రమూ నిలవలేదు. బరిలో మిగిలిన ఇతర అభ్యర్థులందరూ తప్పుకున్నారు. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ముకేశ్ దలాల్ పోటీ లేకుండా ఎన్నికైనట్లు అధికారులు ప్రకటించారు. మే 7న గుజరాత్‌లోని 26 స్థానాలలో 25 చోట్లే పోలింగు జరిగింది. సూరత్‌లోని 16 లక్షలకు పైబడిన ఓటర్లలో ఒక్కరి వేలికీ సిరా అంటలేదు.

ఈ ఉదంతంలో చట్టపరమైన తప్పొప్పులను చర్చించినవారు చాలామందే ఉన్నారు. అయితే ఆ నగరం కోల్పోయినదేమిటో చట్టం భాషలో చెప్పడం కష్టం. దానిని తెలియజెప్పడానికి ఒక కల్పనా కథ, అందునా దేవతలూ డ్రాగన్లూ గొడ్డళ్లూ నిండిన ఒక సాహస నవల, ఎక్కువగా ఉపకరిస్తుందంటే రాజకీయ పాఠకులు నవ్వవచ్చు. నవ్విన తరువాతనైనా ఆ నవలను ఒకసారి తెరిచి చూడటం మంచిది.

బ్రిటిష్ రచయిత జాన్ గ్విన్ 'ద షాడో ఆఫ్ ద గాడ్స్' 2021లో వెలువడింది. మూడు భాగాల కథకు అది మొదటి సంపుటం. చివరిది 2024లో, సూరత్ ఎన్నిక జరిగిన ఏడే, వచ్చింది. ఉత్తర ఐరోపాలోని నార్స్ పురాణాలు దానికి మాతృక. దేవతలు పరస్పరం కలహించి నేలకూలిన తరువాత మూడు శతాబ్దాలు గడిచిన లోకమది. చచ్చిన మహాసర్పం ఎముకలే అక్కడ పర్వతశ్రేణి. దేవతల అస్థికలలో ఇంకా శక్తి మిగిలి ఉండటంతో వాటి కోసం ప్రభువులు పోటీ పడుతుంటారు. దేవతల రక్తపు చుక్క వారసత్వంగా వచ్చినవారిని మాత్రం 'కళంకితులు'గా ముద్రవేసి, వేటాడి, మెడకు ఇనుప పట్టీ తగిలించి అమ్ముతారు. పుట్టుకే నేరం, పుట్టుకే ధర. ఈ లెక్కను అర్థం చేసుకోవడానికి భారతీయ పాఠకునికి నార్వే దాకా వెళ్లనక్కరలేదు.

ఈ కథను మూడు పాత్రల కళ్లతో చూస్తాము. ఓర్కా అడవి అంచున కాపురముంటున్న వేటగత్తె. ఆమె కొడుకును ఎత్తుకుపోతారు. వర్గ్ తప్పించుకు వచ్చిన బానిస. తన తోబుట్టువును చంపినదెవరో తెలుసుకోవడమే అతని బతుకు లక్ష్యం. ఎల్వార్ ప్రభువు కూతురు. తండ్రి నీడను కాదనుకుని, పేరు సంపాదించడానికి కిరాయి యోధుల జట్టులో చేరింది. ఏ అధ్యాయానికి ఆ పాత్ర పేరే శీర్షిక. ఓర్కా ఆపదలో ఉన్నచోట అధ్యాయం ముగుస్తుంది. పుట తిప్పితే వర్గ్ ఎదురవుతాడు. పాఠకుడు విసుక్కుంటాడు. నాలుగు పుటలు గడిచేసరికి వర్గ్‌ను వదలడానికి మనసొప్పదు. సరిగ్గా అక్కడే రచయిత ఎల్వార్ చేతికి కథను అప్పగిస్తాడు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల కోసం నెలంతా ఎదురుచూసిన తరానికి ఈ ఉత్కంఠ కొత్తది కాదు. 'రాకాసి లోయ', 'పాతాళ దుర్గం' అన్న పేర్లు వినగానే ఇప్పటికీ ముఖం వెలిగే పెద్దవారు తెలుగునాట ఎందరో ఉన్నారు. ఆ ఆనందాన్ని చిన్నపిల్లల వ్యవహారమని తీసిపారేయడం తగదు.

కానీ గ్విన్ నవలలో ఉత్కంఠకు మించినది ఒకటుంది. ఎల్వార్ జట్టు చేసే పని కళంకితులను పట్టి అమ్మడం. ఒక మంచు దీవిలో వారు ఒక కుటుంబాన్ని, పసివాడితో సహా, బంధిస్తారు. ఎల్వార్ ధైర్యం, తండ్రిపై ఆమె తిరుగుబాటు పాఠకునికి అప్పటికే నచ్చి ఉంటాయి. కాబట్టి ఆ వేటలో అతడూ ఉత్సాహంగానే పాల్గొంటాడు. తరువాత ఓర్కా అధ్యాయం వస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కాలిజాడలు వెతుకుతూ ఉంటుంది. వర్గ్ అధ్యాయంలో పట్టీ పోయినా మెడ ఆ బరువును మరచిపోదు. అదే అకృత్యం వేటగాని వైపునుంచి సాహసంగా, తల్లి వైపునుంచి సర్వనాశనంగా, బానిస వైపునుంచి నిత్యజీవితంగా కనిపిస్తుంది. ఏది సరైన చూపో రచయిత ఉపన్యసించడు. తాను క్రితం అధ్యాయంలో దేనికి చప్పట్లు కొట్టాడో పాఠకునికే గుర్తుకొచ్చి సిగ్గు కలుగుతుంది. ఏ సంపాదకీయమూ ఇంత సులభంగా సాధించలేని పని ఇది.

నార్స్ పురాణాలను ఎన్నుకోవడంలో ఒక చిక్కు ఉన్నమాట నిజం. హిట్లర్ ఎస్.ఎస్. దళం ప్రాచీన రూన్ లిపి గుర్తులను తన చిహ్నంగా పెట్టుకుంది. జాతి అహంకారానికి ఆ దేవతలను ఇప్పటికీ వాడుకునేవారున్నారు. ఉత్తర ఐరోపా వారసత్వాన్ని హిట్లర్ భ్రష్టు పట్టించాడని టోల్కీన్ 1941లోనే కుమారునికి రాసిన లేఖలో మండిపడ్డాడు. నిజానికి ఆ కథలు నేటికి దక్కడానికి ముఖ్య కారకుడు 13వ శతాబ్దపు ఐస్‌లాండ్‌కు చెందిన స్నోరి స్టుర్లుసన్. అతడు కవి మాత్రమే కాదు, ఆ దేశపు ప్రజాసభ 'ఆల్థింగ్'లో రెండుసార్లు చట్టవక్తగా పనిచేసిన రాజకీయవేత్త. నార్వే రాజు ఆగ్రహానికి గురై 1241లో హత్యకు గురయ్యాడు. దేవతలు సైతం తమ తప్పులవల్లే కూలిపోతారని చెప్పే పురాణాన్ని అధికారానికి బలైన మనిషి భద్రపరచడం గమనించదగినది. ఆ పురాణంలో విజేత ఒక్కడి గొంతే వినిపించాలనుకునేవారు దానిని సరిగా చదవనివారే.

రాజ్యం కూలిన కథ సూరత్‌కు కూడా కొత్త కాదు. గుజరాతీ భాషలో తొలి నవలగా పేరొందిన 'కరణ్ ఘెలో' 1866లో ఆ నగరంనుంచే వచ్చింది. రాసినవారు అక్కడి ఇంగ్లీషు పాఠశాల ప్రధానోపాధ్యాయుడు నందశంకర్ మెహతా. గుజరాత్ చివరి వాఘేలా రాజు కరణుడు తన మంత్రి మాధవుని భార్యను అపహరిస్తాడు. అవమానంతో రగిలిన మంత్రి ఢిల్లీ వెళ్లి అల్లావుద్దీన్ ఖిల్జీ సైన్యాన్ని వెంటబెట్టుకు వస్తాడు. రాజ్యం పోతుంది, రాణి శత్రువు అంతఃపురానికి చేరుతుంది. రాజుకు మిగిలిన బిరుదు 'ఘెలో', అంటే వెర్రివాడు. పరాయివారి దండయాత్రను మాత్రమే తిట్టి ఊరుకోకుండా, సొంత రాజు దుర్మార్గాన్ని కథకు మొదట నిలబెట్టిన ధైర్యం ఆ ఉపాధ్యాయునిది. అయినా ఆ కథలో ఊరి జనం ఏమనుకున్నారో, అపహరణకు గురైన స్త్రీ తన మాటల్లో ఏమి చెప్పుకునేదో వినాలన్న కోరిక నేటి పాఠకునికి మిగిలే ఉంటుంది. తెలుగులో ఓల్గా 'విముక్త' ఆ కోరికనే తీర్చింది. అక్కడ శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఒక్కొక్కరే సీతకు ఎదురై తమ రామాయణం తాము చెప్పుకుంటారు. కథ పాతదే. వినిపించే గొంతు మారేసరికి తీర్పు మారింది.

ఈ చదువుతో తిరిగి సూరత్‌ను చూడాలి. ఆ నగరాన్ని దేశం ఎప్పుడూ ఒకే పాత్ర చేత చెప్పించింది: వ్యాపారి చేత. వజ్రాలు, చీరలు, ఎగుమతులు, మెరుపు వేగపు అభివృద్ధి. అది అబద్ధమేమీ కాదు. అయితే ఆ చీర నేసిన పవర్‌లూమ్ దగ్గర నిలబడిన మనిషి వేరు. ఒడిశానుంచి, ఉత్తరప్రదేశ్, బిహార్‌లనుంచి, మహారాష్ట్రనుంచి వచ్చినవారితో పాటు తెలంగాణ జిల్లాలనుంచి తరలిపోయిన పద్మశాలీలు అక్కడ దశాబ్దాలుగా మగ్గాల మోతలో బతుకుతున్నారు. లింబాయత్, ఉధనా వంటి పేటల్లో తెలుగు మాట వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతున్నదంటే ఆ జనసంఖ్యను ఊహించవచ్చు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ తమను సొంతూళ్లకు పంపమంటూ వలస కార్మికులు వీధుల్లోకి వచ్చినప్పుడు సూరత్ నవలలో మరొక అధ్యాయం ఉన్నదని దేశానికి క్షణకాలం తెలిసింది. ఆ పుట వెంటనే మూతపడింది.

పోటీ జరిగినా ఫలితం మారేది కాదని అధికారపక్షం సమర్థకులు అనవచ్చు. బహుశా నిజమే. 1989నుంచి సూరత్ భారతీయ జనతా పార్టీ చేతిలోనే ఉంది. 2019లో ఆ పార్టీ ఆధిక్యం 5 లక్షలకు పైమాటే. అలాగే పోటీ లేని గెలుపు ఒక్క పార్టీ కనిపెట్టిన విద్య కూడా కాదు. 2012 కన్నౌజ్ ఉప ఎన్నికలో సమాజ్‌వాదీ పార్టీ అభ్యర్థి డింపుల్ యాదవ్ కూడా అలాగే లోక్‌సభకు వెళ్లారు. కానీ ముగింపు ముందే తెలిసిన కథలో మధ్య అధ్యాయాలు అనవసరమనే వాదన ఎంతవరకు నిలుస్తుంది? గ్విన్ నవలలోనుంచి వర్గ్ అధ్యాయాలను చించివేసినా చివరి యుద్ధం బహుశా జరిగే తీరుతుంది. మిగిలేది మాత్రం ప్రభువు కూతురి సాహసగాథ. బానిస ఉన్నాడన్న సంగతే పాఠకునికి తెలియదు. ఎన్నిక కూడా గెలుపు లెక్క తేల్చే యంత్రం మాత్రమే కాదు. ఓడిపోబోయేవాడు సైతం వీధి మలుపులో నిలబడి తన అధ్యాయం చదివి వినిపించే సందర్భం అది. మగ్గం కూలీ గది అద్దె గురించి, బడి గురించి, కాలువ కంపు గురించి ఎవరైనా ఒక అభ్యర్థిని నిలదీయగల వారం రోజులవి. సూరత్‌కు 2024లో దక్కనివి ఆ వారం రోజులే. ఓటమి కన్నా అది పెద్ద నష్టం.

చట్టం ఇందుకు దారి తెరిచే ఉంచింది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్ ప్రకారం బరిలో మిగిలిన అభ్యర్థుల సంఖ్య స్థానాల సంఖ్యతో సమానమైతే వారిని తక్షణమే ఎన్నికైనట్లు ప్రకటించాలి. ఎవరూ నచ్చలేదని చెప్పే 'నోటా' మీట సుప్రీంకోర్టు తీర్పు ఫలితంగా 2013లో వచ్చింది; కానీ అభ్యర్థి ఒక్కడే అయితే ఆ మీట ఉన్న యంత్రమే బూతుకు చేరదు. ఈ నిబంధన చెల్లుబాటు ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకూ వెళ్లింది. ఒక్క అభ్యర్థే మిగిలినచోట సైతం పోలింగు జరిపి, అతనికి కనీస ఓట్ల వాటా తప్పనిసరి చేయడం కష్టమైన సంస్కరణేమీ కాదు. ఖర్చు సాకు చెల్లదు. 25 స్థానాలకు పెట్టిన ఖర్చు 26వ దానికి భారం కాబోదు.

సాహస నవల చదివినవాడు ఉత్తమ పౌరుడైపోతాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. అలాంటి పుస్తకం ముందుగా ఆనందం కోసమే. రాత్రి దీపం ఆర్పనివ్వకపోవడమే దాని మొదటి గుణం. అయితే ఆ ఆనందంలోనే ఒక అలవాటు పట్టుబడుతుంది. ఒక పాత్ర ఎంత బాగా మాట్లాడుతున్నా తరువాతి అధ్యాయం ఎవరిదో అని చూసే అలవాటు అది. సూరత్‌లో ఎన్నిక అధికారి ఒక్క పేరు చదివి పుస్తకం మూసిన రోజున, ఆ అలవాటున్న పాఠకుడెవరైనా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: మిగతా అధ్యాయాలు ఏవి?